సముద్రం లేని సీమలో సముద్రపు కొలతలు: కర్నూలు–కడప కాలువ నుంచి పోతిరెడ్డిపాడు దాకా

వ్యాససంగ్రహం

సముద్రమట్టం, పడవ మునక లోతు, ఆటుపోట్ల సగటు వంటి కొలతలు తీరప్రాంతాలకే పరిమితమైనవని సాధారణ భావన. తీరానికి దూరంగా ఉన్న కర్నూలు, కడప జిల్లాల నీటి చరిత్రలో ఈ కొలతలు ఏ మార్గాన ప్రవేశించాయో, స్థానిక కొలమానాలను ఎలా వెనక్కి నెట్టాయో, నేటి నీటి వివాదాలకు ఎలా భాష అయ్యాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: కర్నూలు–కడప కాలువ, సుంకేసుల, నౌకాయానం, సగటు సముద్రమట్టం, లష్కరు, పోతిరెడ్డిపాడు.

ప్రవేశిక

రాయలసీమ నీటి ఉద్యమాల కరపత్రాల్లో, వార్తాపత్రికల్లో, శాసనసభ చర్చల్లో గత మూడు దశాబ్దాలుగా తరచు వినిపించే ఒక సంఖ్య 854. శ్రీశైలం జలాశయంలో నీరు 854 అడుగుల దిగువకు పోకూడదన్నది సీమవాసుల డిమాండు. ఈ సంఖ్య జలాశయంలో ఉన్న నీటి లోతు కాదు. ఆనకట్ట పునాది నుంచి లెక్కించినదీ కాదు. సగటు సముద్రమట్టం నుంచి లెక్కించిన ఎత్తు. సముద్రాన్ని చూడని రైతు కూడా తన పొలానికి నీరు వస్తుందా రాదా అన్నది సముద్రం నుంచి మొదలుపెట్టిన లెక్కతోనే తేల్చుకోవలసి వస్తున్నది. ఈ పరిస్థితి ఎలా ఏర్పడిందో చెప్పాలంటే పంతొమ్మిదో శతాబ్దపు మధ్యభాగంలో సుంకేసుల వద్ద తుంగభద్రకు అడ్డంగా లేచిన ఆనకట్ట దగ్గరకు వెళ్ళాలి. అంతకుముందు సీమ నీటిని ఎలా కొలిచేదో కూడా కొంత చూడాలి.

పదును, మట్టు, బార

సీమ రైతుకు వాన కొలత మిల్లీమీటరు కాదు, పదును. పడిన వాన నేలలోకి ఎంత లోతుగా దిగిందన్నదే అతనికి కావలసిన లెక్క. జానెడు పదునైతే ఒక నిర్ణయం, దుక్కి పదునైతే మరొకటి. బావి లోతును మట్లలో చెప్పడం ఈ ప్రాంతపు అలవాటు. ఏటి లోతును మనిషి ఒంటితో పోల్చి మోకాలిలోతు, మొలలోతు, నిలువులోతు అన్నారు. తాడును రెండు చేతులూ చాచి కొలిస్తే బార. నావికులు సముద్రపు లోతుకు వాడిన ‘ఫాదమ్’ కూడా ఇదే. ఆ ఆంగ్లపదపు మూలార్థం చాచిన చేతుల నిడివే. సముద్రం మీద గుండుతాడు జారవిడిచిన నావికుడు, బావిలోకి చేదతాడు దించిన సీమ మనిషి ఒకే కొలబద్దను వాడారు. అది వారి శరీరమే.

నదులు దాటడానికి కర్నూలు ప్రాంతంలో వాడినది పుట్టి. వెదురుతో బుట్టలా అల్లి తోలు కప్పిన ఈ గుండ్రని పడవలను పదహారో శతాబ్దంలో విజయనగరాన్ని చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ వర్ణించాడు. పుట్టికి మునక లోతు చాలా తక్కువ కాబట్టి నదిలో కొద్దిపాటి నీరున్నా నడుస్తుంది. ధాన్యపు కొలతల్లో ఇరవై తూములకు కూడా పుట్టి అనే పేరుండడం భాషాపరంగా ఆసక్తికరమే గాని, ఆ రెండు పదాలకూ సంబంధం అంటగట్టే తొందర అవసరం లేదు. ఈ కొలతలన్నిటిలో కనిపించే లక్షణం ఒకటే. ఇవి ఉన్నచోటనే మొదలై ఉన్నచోటనే ముగుస్తాయి. ఒక ఊరి బావి మట్లను మరో ఊరి చెరువు లోతుతో జోడించి, ఏది ఎత్తున ఉన్నదో చెప్పలేము. అలా చెప్పవలసిన అవసరమూ పెద్దగా కలుగలేదు.

పడవల కోసం తవ్విన కాలువ

ఆ అవసరాన్ని తెచ్చింది కర్నూలు–కడప కాలువ. దత్తమండలాలు 1800లో కుంఫిణీ చేతికి వచ్చినా, కర్నూలు నవాబుల పాలన 1839 దాకా సాగింది. ఆ తర్వాత రెండు దశాబ్దాలకే తుంగభద్ర నీటిని పెన్నా లోయకు మళ్ళించే పథకం రూపుదిద్దుకున్నది. గోదావరి ఆనకట్టతో ప్రసిద్ధుడైన ఆర్థర్ కాటన్ దృష్టిలో కాలువ అంటే సాగునీరు మాత్రమే కాదు, రైలుకంటె చౌకగా సరుకు మోసే జలరహదారి కూడా. తుంగభద్ర నుంచి పెన్నా మీదుగా తూర్పు తీరం దాకా పడవలు నడవాలన్నది ఆ ఊహ. మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే ప్రైవేటు సంస్థ పది లక్షల పౌన్ల మూలధనం మీద 5 శాతం వడ్డీకి ప్రభుత్వ హామీ పొంది ఈ పనికి పూనుకున్నది. లాభం వచ్చినా రాకున్నా వాటాదారుకు వడ్డీ అందుతుంది. ఆ భారం ప్రభుత్వ ఖజానాది, అంటే చివరికి రైతుదే.

కాలువ సుంకేసుల వద్ద మొదలై, కర్నూలు వద్ద హంద్రీనదిని అక్విడక్టు మీదుగా దాటి, మిట్టకందాల వద్ద తుంగభద్ర, పెన్నా పరీవాహకాల నడిమి గట్టును కోసుకొని కుందూ లోయలోకి దిగుతుంది. రాజోలి ఆనకట్ట, పెన్నా మీది ఆదినిమ్మాయపల్లె ఆనకట్ట దాటి కడప చేరుతుంది. మొత్తం నిడివి దాదాపు 190 మైళ్ళు. కర్నూలు సముద్రమట్టానికి సుమారు 275 మీటర్ల ఎత్తున ఉంటే కడప సుమారు 140 మీటర్ల ఎత్తున ఉన్నది. అంటే మూడువందల కిలోమీటర్ల దారిలో నీరు నూటముప్పై మీటర్లకు పైగా దిగాలి. కిలోమీటరుకు సగటున 45 సెంటీమీటర్లు.

ఈ పథకంలోని అసలు చిక్కు ఇక్కడే ఉన్నది. సాగునీటి కాలువకు వాలు కావాలి, నీరు పారాలి. పడవకు నిలకడ నీరు కావాలి. వాలు ఎక్కువైతే వేగం పెరిగి ఎదురెక్కడం కష్టమవుతుంది, గట్లు కోసుకుపోతాయి. అందుకని కాలువను దాదాపు సమతలమైన మెట్లుగా విభజించి, ఒక మెట్టు నుంచి మరోదానికి పడవను దించడానికి లాకులు కట్టారు. రెండు తలుపుల నడుమ గదిలో నీటిని పైమెట్టు స్థాయికి నింపి పడవను లోనికి తెస్తారు. పైతలుపు మూసి నీటిని దిగువ మెట్టు స్థాయికి వదులుతారు. గంగా కాలువ వాలు గురించి కాట్లేకూ కాటన్‌కూ నడిచిన ప్రసిద్ధ వివాదం 1860లలోనే జరిగిందంటే, ఈ చిక్కు ఆనాటి ఇంజనీర్లకు తెలియనిది కాదు.

లాకు కట్టాలన్నా, గట్టు కోయాలన్నా ముందు మట్టపు సర్వే జరగాలి. లాంబ్టన్ 1802లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ వద్ద ఆధారరేఖ కొలిచి ప్రారంభించిన త్రికోణమితి సర్వే 1811 నాటికి సీమలోని గుత్తికి చేరి అక్కడ మరో ఆధారరేఖను కొలిచింది. ఆ సర్వే కొండ శిఖరాల స్థానాలను, ఎత్తులను ఇచ్చింది. కాని శిఖరపు ఎత్తు కాలువకు పనికిరాదు. కాలువకు కావలసింది నేలపొడవునా అంగుళాల తేడాను పట్టే లెవెలింగు. మట్టపు యంత్రం, అంకెల కర్ర పట్టుకొని అడుగడుగునా కొలుచుకుంటూ పోయే పని అది. సీమ నేల ఒక చివరి నుంచి మరో చివరికి ఒకే లెక్కలోకి వచ్చింది ఇటువంటి పనితోనే.

కొలత సరిగానే ఉన్నా అంచనా తప్పింది. వేసవిలో తుంగభద్ర ఎండేది, నీరు నిలవచేసే జలాశయం లేదు. ఏడాది పొడవునా పడవలకు లోతు నిలబెట్టడం అసాధ్యమైంది. కుందూ లోయ నల్లరేగడిలో జొన్న, పత్తి వేసే రైతు మంచి వానల ఏట కాలువనీటికి డబ్బు కట్టడానికి ముందుకు రాలేదు. 1876–78 నాటి ధాతుకరువులో గిరాకీ పెరిగినా, వానలు రాగానే తగ్గింది. 1871 నాటికి మద్రాసు–రాయచూరు రైలుమార్గం కడప మీదుగా పూర్తయింది, 1890 నాటికి నంద్యాలకూ రైలు వచ్చింది. 1882లో ప్రభుత్వమే కాలువను కొనుక్కున్నది. 1933లో నౌకాయానం మానేశారు. రైతుల అజ్ఞానమే ఈ వైఫల్యానికి కారణమని చూపే ధోరణి నాటి పాలకుల రాతల్లో ఉన్నది గాని, అది నిలిచే వాదన కాదు. ఏ నేలకు ఎప్పుడు ఎంత తడి కావాలో తెలిసినవాడే ఆ నీటిని వద్దన్నాడు.

లష్కరు

పడవలు పోయినా మాటలు మిగిలాయి. కాలువగట్టు కాపలా కాస్తూ, తూములు ఎత్తుతూ దించుతూ, గేజి చదివి చెప్పే చిరుద్యోగిని సీమలో లష్కరు అంటారు. సైన్యాన్ని సూచించే ఫారసీ పదం ఇది. పోర్చుగీసు, ఆంగ్ల నౌకల మీద పనిచేసిన ఆసియా నావికులకు ‘లాస్కర్’ అయింది, ఆపై మద్రాసు ప్రభుత్వ మరామత్తు శాఖలో కాలువ సిబ్బంది హోదాగా స్థిరపడింది. ఓడ మీది మాట ఎండిన నేల మీద ఉద్యోగమైంది. ‘లాకు’ కూడా తెలుగు బహువచనం తొడుక్కొని ‘లాకులు’ అయింది. ఎదురుదిశలో మన ‘ఆనకట్ట’కు సోదరపదమైన తమిళ రూపం ‘అనికట్’గా ఆంగ్ల ఇంజనీరింగ్ గ్రంథాలకెక్కింది. పదును, మట్టు మాత్రం ఏ గెజెట్టులోకీ చేరలేదు. ప్రభుత్వ కాగితంలో చోటు దొరకని కొలమానాలు కేవలం మాటలుగా మిగిలిపోతాయనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

సున్నా ఎక్కడున్నది?

సముద్రమట్టం అనగానే అదొక సహజమైన స్థిరరేఖ అనిపిస్తుంది. నిజానికి సముద్రం ఒక్క గంట ఒకేచోట నిలవదు. రోజూ ఆటుపోట్లు, పక్షానికొకసారి వాటి హెచ్చుతగ్గులు, ఋతువును బట్టి గాలి, పీడనం, నదుల నీరు దాన్ని కదిలిస్తూనే ఉంటాయి. ఈ కదలికను పట్టడానికి రేవుల్లో ఆటుపోటు మాపకాలు నెలకొల్పారు. సముద్రంతో గొట్టం ద్వారా కలిసిన బావిలో అలల తాకిడి అణగుతుంది, నీటి ఎత్తు మాత్రం మారుతుంది. అందులో తేలే తేలుడుకు కట్టిన తీగ కలాన్ని కదిలిస్తుంది, గడియారం తిప్పే డోలు మీది కాగితంపై ఆ కలం గీత గీస్తుంది. ఏళ్ళ తరబడి తీసిన గీతల సగటే సగటు సముద్రమట్టం. సర్వే ఆఫ్ ఇండియా 1870లలో ఈ పరిశీలనలను బేర్డ్ ఆధ్వర్యంలో క్రమబద్ధం చేసింది. వాటి మొదటి ప్రయోజనం ఓడలకే. రేవులోకి ఏ వేళ ఎంత మునక ఉన్న ఓడ రాగలదో చెప్పే పట్టికలు వాటినుంచే తయారయ్యాయి.

1909లో దేశమంతటి లెవెలింగు రేఖలను సరిచేసినప్పుడు తొమ్మిది రేవుల సగటు మట్టాన్ని సున్నాగా తీసుకున్నారు. కరాచీ, బొంబాయి, కార్వార్, బేపూర్, కొచ్చిన్, నాగపట్నం, మద్రాసు, విశాఖపట్నం, ఫాల్స్ పాయింట్ అవి. తొమ్మిదిచోట్లా సముద్రం ఒకే ఎత్తున ఉన్నదన్న ఊహ పూర్తిగా నిజం కాదని తర్వాత తేలింది. అయినా పరిపాలనకు అది చాలు. రైల్వేస్టేషను పసుపుబోర్డు మీద ఊరి పేరు కింద రాసిన ఎత్తు, ఆనకట్ట శిఖరం మీద రాసిన ఎత్తు ఒకే సున్నా నుంచి వచ్చాయి. పై ఊరి నీటిని, కింది ఊరి నీటిని ఒకే కాగితం మీద పోల్చి పంచడం, లేదా నిరాకరించడం దీనితో సాధ్యమైంది.

854

1937 శ్రీబాగ్ ఒడంబడిక తుంగభద్ర, కృష్ణా, పెన్నా జలాల వినియోగంలో రాయలసీమకు ప్రాధాన్యం కోరింది. ఆ పత్రం నదుల పేర్లతో మాట్లాడింది, అడుగులతో కాదు. శ్రీశైలం జలాశయం వచ్చాక భాష మారింది. పూర్తి నీటిమట్టం 885 అడుగులు. పోతిరెడ్డిపాడు తూములకు నీరు అందేది సుమారు 841 అడుగుల నుంచి. కాని అందడం వేరు, పారడం వేరు. 854 వద్ద సుమారు 7,000 క్యూసెక్కులే తీసుకోగలిగే ఆ తూములు పూర్తి సామర్థ్యంతో పారాలంటే జలాశయం దాదాపు నిండి ఉండాలి. 1996 నాటి 69వ జీవో కనీస మట్టాన్ని 834 అడుగులుగా నిర్ణయించింది. అంటే విద్యుదుత్పత్తికీ దిగువ అవసరాలకూ నీరు వదిలే ఏట సీమ తూములు గాలిలో నిలుస్తాయి. 2004 నాటి 107వ జీవో దాన్ని 854కు పెంచింది. ఆ రెండు అంకెల నడిమి ఇరవై అడుగుల్లోనే బనకచెర్ల క్రాస్ రెగ్యులేటరు మీద ఆధారపడిన ఆయకట్టు భవితవ్యం ఉన్నది. కర్నూలు–కడప కాలువకు బచావత్ ట్రిబ్యునల్ గుర్తించిన 39.9 టీఎంసీలు కాగితం మీద భద్రమే. కాని టీఎంసీ వాటాను చెబుతుంది, మట్టం అందుబాటును చెబుతుంది. సీమ ఉద్యమం కేటాయింపు నుంచి మట్టం వైపు మళ్ళడం ఈ తేడాను గ్రహించిన పరిణతికి గుర్తు.

మట్టం ప్రాణాలకు సంబంధించిన విషయమని 2009 అక్టోబరు చూపింది. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చి, నీరు 885 దాటి సుమారు 896 అడుగులకు చేరింది. తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు నగరం మునిగింది. ఏళ్ళ తరబడి కనీసమట్టం కోసం పోరాడిన జిల్లాకు గరిష్ఠమట్టం ఎదురైంది.

కొలిచే పరికరాల కథ ముగియలేదు. గేజి నీటి ఎత్తునే చెబుతుంది. ప్రవాహం తెలియాలంటే వేగాన్నీ కొలవాలి. సముద్ర ప్రవాహాల అధ్యయనంలో పేరొందిన డాప్లర్ పద్ధతి ఇప్పుడు కృష్ణా కాలువల టెలిమెట్రీలోకి వచ్చింది. పక్కగట్టు నుంచి ధ్వనితరంగాలను పంపి, నీటిలోని రేణువుల నుంచి తిరిగివచ్చే ప్రతిధ్వని పౌనఃపున్యంలోని మార్పుతో వేగాన్ని లెక్కిస్తారు. పరికరం కచ్చితత్వం గురించి రెండు రాష్ట్రాల మధ్య పెద్ద తగాదా లేదు. తగాదా దాన్ని ఎక్కడ అమర్చాలన్నదానిపైనే. తూము దగ్గరా, కొంత దిగువనా అన్న ప్రశ్నకు జవాబును బట్టి సీమ వాడుకున్న నీటి లెక్క మారుతుంది. కాటన్ కోరిన తీరం దారి మాత్రం పడవలకు కాక తాగునీటికి తెరచుకున్నది. తెలుగుగంగ నీరు వెలుగోడు, బ్రహ్మంగారిమఠం, సోమశిల, కండలేరు మీదుగా 1996లో పూండి చేరింది. అక్కడినుంచి, ఒకనాడు సున్నాను కొలిచిన తొమ్మిది రేవుల్లో ఒకటైన మద్రాసుకు.