పొట్టి తూటా, కొలిచిన మందు

కెన్నెత్ ఆండర్సన్ 1954లో వెలువరించిన 'నైన్ మ్యాన్ ఈటర్స్ అండ్ వన్ రోగ్' పుస్తకాన్ని నేను మొదటిసారి మెడికల్ కాలేజీ హాస్టల్లో, ఎవరిదో అరువు ప్రతి తెచ్చుకుని చదివాను. పోయిన నెల ఒక రాత్రి డ్యూటీ ముగించుకుని టోవా పాయోలోని ఇంటికి వచ్చి, నిద్ర పట్టక, మళ్ళీ తెరిచాను. ఆండర్సన్ మనకు మరీ పరాయివాడు కాడు. పుట్టింది బొల్లారంలో. ఆయన మాటు వేసిన చోట్లలో అప్పటి చిత్తూరు జిల్లా చామల లోయ ఉంది, రేణిగుంట నుంచి కోడూరు వెళ్ళే రైలు దారిలోని మామండూరు ఉంది. పద్ధెనిమిదేళ్ళ వయసులో చదివినప్పుడు పులి తప్ప మరేమీ కనబడలేదు. ఈసారి మాత్రం ఆయన చేతిలోని తుపాకి దగ్గర ఆగిపోయాను.

అది .405 వించెస్టర్. 1904లో వచ్చిన తూటా. 300 గ్రెయిన్ల మొద్దు ముక్కు గుండును సెకనుకు సుమారు 2,200 అడుగుల వేగంతో పంపుతుంది. థియోడోర్ రూజ్వెల్ట్ 1909లో ఆఫ్రికాకు వెంట తీసుకువెళ్ళింది కూడా ఈ జాతి తుపాకినే. రెండు వందల గజాలు దాటితే గుండు నేలచూపులు చూస్తుంది. కాని మంచె మీద కూర్చుని ఇరవై, ముప్పై గజాల దూరంలో ఎర దగ్గరికి వచ్చే పులిని కాల్చేవాడికి అంతకు మించి అవసరం లేదు. వేటగాడు తన అడవికి తగిన తూటాను ఎన్నుకున్నాడు అనుకుంటాం. చరిత్ర చూస్తే ఆ ఎన్నిక చాలాసార్లు వేటగాడి చేతిలో లేదు.

ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకంలో బ్రిటిష్ ప్రభుత్వం ఇండియాలోనూ సూడాన్‌లోనూ .450 కొలత వేట తుపాకులను నిషేధించింది. సైన్యం వాడి వదిలేసిన మార్టినీ-హెన్రీ తుపాకులు అప్పటికే జనం చేతుల్లో ఉన్నాయి. వాటి గుండు కొలత కూడా .450. దొరల వేట తూటాల్లోని గుండ్లు తిరుగుబాటుదారుల తుపాకుల్లోకి చేరతాయేమోనని భయం. ఆ భయం వట్టిదని మన ప్రాంతం వాళ్ళం అనలేం. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీద వరుసగా దాడి చేసినప్పుడు తుపాకులతో పాటు తూటాలు కూడా పట్టుకెళ్ళాడు. తుపాకి ఒకసారి దొరికితే ఏళ్ళ తరబడి ఉంటుంది. తూటా పేలగానే అయిపోతుంది. పాలకులకూ రాజుకూ కూడా ఈ లెక్క బాగా తెలుసు.

నిషేధం రాగానే లండన్ తుపాకి వ్యాపారులు చట్టాన్ని గౌరవిస్తూనే పక్కదారి వెతికారు. .450 వద్దన్నారు కనుక .465, .470, .475, .476 అంటూ కొత్త కొలతలు పుట్టించారు. వీటిలో జోసెఫ్ లాంగ్ రూపొందించిన .470 నేటికీ బతికి ఉంది. సైన్యపు .303 కూడా సామాన్యుడికి అందకుండా చేయడంతో, ఆస్ట్రియా సైన్యం వాడిన పాత మాన్‌లిఖర్ తూటా మన దేశంలో .315గా స్థిరపడింది. ఇషాపూర్ కర్మాగారం ఆ తుపాకిని స్వాతంత్ర్యం తరవాత కూడా తయారు చేస్తూ వచ్చింది. మన పల్లెల్లో లైసెన్సు ఉన్న పెద్ద రైతు గోడకు వేలాడే రైఫిలు చాలాచోట్ల అదే.

ఇక మాగ్నమ్ కథ. ఆ మాట సారా సీసాల నుంచి వచ్చింది. మామూలు షాంపేన్ సీసాకు రెట్టింపు సీసాను మాగ్నమ్ అంటారు. తెలుగులో ఇంకా సులువు: వైద్యుడిదీ మందే, తాగేదీ మందే, తుపాకిలో దట్టించేదీ మందే. మందు ఎక్కువ పట్టే తూటా మాగ్నమ్. 1912లో హాలండ్ అండ్ హాలండ్ వారి .375 దీనికి పెద్దన్న. అప్పటి మందు కార్డైట్. నైట్రోగ్లిజరిన్, తుపాకి పత్తి, కాస్త వాసెలీన్ కలిపి సేమ్యాలా తీగలు తీసినది. ఈ నైట్రోగ్లిజరిన్‌నే గుండె నొప్పికి నాలుక కింద పెట్టుకొమ్మని మేము ఇస్తాం. కార్డైట్‌కు ఎండ పడదు. మే నెల ఎండలో కారులో పడి ఉన్న తూటా లండన్‌లో పేలినంత మర్యాదగా పేలదు. ఒత్తిడి పెరుగుతుంది, పేలిన తొడుగు బయటికి రానని మొండికేస్తుంది. ఎదురుగా గాయపడ్డ జంతువు, తుపాకిలో ఇరుక్కున్న తొడుగు. అందుకే ఉష్ణదేశాలకు అమ్మే తూటాలను పొడవుగా, విశాలంగా, తక్కువ ఒత్తిడితో పని చేసేలా కట్టారు. .375 తొడుగు 2.85 అంగుళాలు. .470 తొడుగు మూడుంబావు అంగుళాలు. అంత పొడవు తూటాకు అంత పొడవు తుపాకి కావాలి, దానికి జమీందారు సంచి కావాలి.

1956లో అమెరికాలో వించెస్టర్ కంపెనీ ఈ పొడవును కత్తిరించింది. .375 తొడుగును రెండున్నర అంగుళాలకు కుదించి .458 తెచ్చింది. మామూలు పొడవు తుపాకిలో, మామూలు ధరలో, ఏనుగును పడగొట్టే బలం. తరవాత అదే దారిలో 1958లో .338, 1963లో .300 వచ్చాయి. రెమింగ్టన్ వారి 7 మిల్లీమీటర్లది 1962లో వచ్చింది. వీటిని ఆ రోజుల్లో పొట్టి మాగ్నమ్‌లు అన్నారు.

కుదించిన చోట కిటుకు ఉంది. 500 గ్రెయిన్ల గుండుకు సెకనుకు 2,130 అడుగుల వేగం ఇస్తామని .458కి ప్రకటించారు. ఆ వేగానికి కావలసిన మందు ఆ చిన్న తొడుగులో పోస్తే పట్టదు. అదిమి కూరవలసి వచ్చింది. అదిమిన మందు ఆఫ్రికా ఎండల్లో నిలవ ఉండి గడ్డకట్టింది. కొన్ని తూటాలు సగం కాలి, సగం మిగిలి, గుండును బద్ధకంగా బయటికి తోశాయి. జాక్ లాట్ అనే అమెరికన్ వేటగాణ్ణి 1959లో మొజాంబిక్‌లో అడవి దున్న కుమ్మేసింది. బతికి బయటపడి, తొడుగును మళ్ళీ 2.8 అంగుళాలకు పెంచి తన పేరుతో .458 లాట్ తయారు చేసుకున్నాడు. చావు అంచున నేర్చిన పాఠం చివరికి ఒక అంగుళంలో పదింట మూడు వంతులు.

మన అడవుల్లో ఈ పొట్టి మాగ్నమ్‌లకు చట్టబద్ధమైన ఆయుష్షు పదహారేళ్ళే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట ముగిసింది. ముగియడం మంచిదే. అల్లం శేషగిరిరావు గారి వేట కథలు చదివినవారికి తుపాకికి అటువైపు ఏముందో విడిగా చెప్పనక్కరలేదు.

ఈ తూటాల చదువు నాకు ప్రత్యక్షంగా జరిగింది అమెరికాలోని మోంటానాలో. మా బ్యాచ్‌మేట్ ఒకడు అక్కడ మత్తు వైద్యుడు. ఏటా శరదృతువులో లైసెన్సు తీసుకుని ఎల్క్ వేటకు వెళతాడు, ఆ మాంసంతోనే చలికాలం గడుపుతాడు. వాడిది .300 విన్‌చెస్టర్ షార్ట్ మాగ్నమ్. 2000 తరవాత వచ్చిన రెండో తరం పొట్టి తూటా. దీని వెనక కూడా ఒక వైద్యుడి నీడ ఉంది. లూయీ పాల్మిసానో అనే డాక్టరు ఫెరిస్ పిండెల్ అనే యంత్ర నిపుణుడితో కలిసి 1975లో పోటీల కోసం పొట్టిగా, లావుగా ఉండే చిన్న తూటా చేశాడు. మందు సన్నని గొట్టంలో కాకుండా బొద్దు చెంబులో ఉంటే నిలకడగా మండుతుందని దాని నమ్మకం. గురి పోటీల్లో అది గెలుస్తూ పోవడంతో ఆ ఆలోచన వేట తూటాలకూ పాకింది. పాత మాగ్నమ్‌ల అడుగున ఉండే ఇత్తడి వడ్డాణం కూడా ఇందులో లేదు. .375 భుజం మరీ ఏటవాలు కనుక తూటా గదిలో సరిగ్గా నిలవడానికి ఆ వడ్డాణం పెట్టారు. భుజం చక్కగా ఉన్న పిల్లలకు కూడా యాభై ఏళ్ళు దాన్ని తొడుగుతూ వచ్చారు. వంశాచారం.

గ్యారేజీలో వాడు తూటాలు తిరిగి నింపుతుంటే మూడు గంటలు కూర్చున్నాను. పేలిన తొడుగులను కడిగి, ఒక్కొక్కదాని లోపల కొన వంచిన పేపర్ క్లిప్పుతో తడిమాడు. అడుగుకు కాస్త పైన గోడ పలచబడితే అక్కడ క్లిప్పు తగులుకుంటుంది, ఆ తొడుగు చెత్తబుట్టకే. తరవాత అచ్చులో ఒత్తి పాత కొలతకు తెచ్చాడు. కొత్త కేపు, ఆపైన మందు, చివర గుండు. మందును తూచేది గ్రెయిన్లలో. నాకు నవ్వు వచ్చింది. ఒక గ్రెయిను అంటే దాదాపు 65 మిల్లీగ్రాములు. మా పాత చీటీల్లో ఆస్పిరిన్ అయిదు గ్రెయిన్లు, అందుకే నేటికీ ఆ మాత్ర 325 మిల్లీగ్రాములు. పుస్తకంలో ఇచ్చిన గరిష్ఠానికి చాలా కింద ఆపాడు.

"ఇంకొంచెం పోయొచ్చుగా?" అన్నాను.

"పోస్తే గుండు వేగం పెరుగుతుంది గాని నా భుజం ధైర్యం పెరగదురా," అన్నాడు.

కాసేపటికి తనే చెప్పాడు. మొదటి రెండేళ్ళు ఇంకా పెద్ద మాగ్నమ్ వాడాడట. దాని తన్నుకు భయపడి మీట నొక్కే క్షణంలో కళ్ళు మూసుకునేవాడు. ఒక ఎల్క్ పొట్టలో గుండు దిగి కొండ దిగిపోయింది. రెండు రోజులు నెత్తుటి జాడ పట్టుకుని తిరిగి, దొరక్క వెనక్కి వచ్చాడు. ఆ ఏడు మళ్ళీ వేటకు పోలేదు. ఆపరేషన్ బల్ల మీద మనిషికి సరిపడే మోతాదే ఇచ్చే వాడు, అడవిలో ఎందుకు ఎక్కువ పట్టుకెళ్ళాడో తనకే తెలియలేదన్నాడు.

అప్పుడు నాకు గుర్తొచ్చినవాడు వేరు. హౌస్ సర్జన్సీలో ఒక అర్ధరాత్రి రాయలసీమ పల్లె నుంచి తీసుకువచ్చారు. వేరుశనగ చేలో పందుల కావలి. పేలిన పన్నెండు బోరు ఇత్తడి తొడుగును ఎవరో నాటు మందుతో నింపి ఇచ్చారట. కొలత ఏమిటని అడిగితే, "అందాజుగా పోసినాం సార్" అన్నాడు. ఎడమ చేతికి బొటనవేలూ చిటికెనవేలూ మిగిలాయి. మందు ఎంత పోశారని ఆ తరవాత పోలీసులు కూడా అడిగారు. అతను ఎవరి పేరూ చెప్పలేదు. నింపి ఇచ్చింది తమ్ముడని మాకు డిశ్చార్జి రోజు తెలిసింది.

నేనుంటున్న టోవా పాయోకు అర్థం పెద్ద చిత్తడి నేల. ఈ ద్వీపంలో పులులు ఉండేవి. 1902లో ఒకటి రాఫుల్స్ హోటల్ బిలియర్డ్స్ గది కిందకు దూరితే, ఒక పాఠశాల ప్రధానోపాధ్యాయుడు వచ్చి కాల్చాడు. చివరి అడవి పులిని 1930లో చోవా చూ కాంగ్ దగ్గర చంపారు. 1973 నుంచి ఇక్కడ ఆయుధ నేరాల చట్టం ఎంత కఠినమో వేరే చెప్పనక్కరలేదు. మావాడు నేషనల్ సర్వీసులో ఉన్నప్పుడు, ఫైరింగ్ అయ్యాక నేల మీద పడ్డ ఖాళీ తొడుగులన్నీ ఏరి లెక్క అప్పజెప్పి, తన దగ్గర ఏమీ మిగలలేదని గట్టిగా చెప్పి గాని బయటికి వచ్చేవాడు కాదు. ఒక రోజు ఒకటి తక్కువ వచ్చిందట. చీకటి పడేదాకా గడ్డిలో మోకాళ్ళ మీద వెతికారు. ఆదివారం ఇంటికి వచ్చినప్పుడు మోకాళ్ళు చూపించాడు, రెండూ చెక్కుకుపోయి ఉన్నాయి. దొరికిందా అని అడిగాను. దొరికింది నాన్నా, సార్జెంటు బూటు కింద ఉంది, అన్నాడు.