వృద్ధాప్యంలో వ్యక్తిగత వైద్య రికార్డులు

ఒక వ్యక్తి తన ఆరోగ్య వివరాలను, మందుల చీటీలను, పరీక్షల రిపోర్టులను తేదీల వారీగా అమర్చి తనవద్ద భద్రపరచుకొనే సంపుటిని వ్యక్తిగత వైద్య రికార్డు అంటారు. ఆసుపత్రి తన అవసరం కొరకు ఉంచుకొనే కేసు షీటు దీనికి భిన్నమైనది. వయసు పైబడినవారిలో రక్తపోటు, మధుమేహం, కీళ్ళనొప్పులు, గుండెజబ్బు వంటివి ఏకకాలంలో ఉండటం, ఒక్కొక్క జబ్బుకు ఒక్కొక్క వైద్యుని సంప్రదించడం సాధారణం. ఆ వైద్యమంతటినీ ఒకచోట చూపేది ఈ రికార్డే.

ఆవశ్యకత

భారతదేశంలో ఒకే మందు అనేక కంపెనీ పేర్లతో లభిస్తుంది. ఒక వైద్యుడు వ్రాసిన మందునే మరొకరు వేరొక పేరుతో వ్రాస్తే, రోగి తెలియకుండానే రెండింతల మోతాదు తీసుకొనే ప్రమాదం ఉన్నది. నొప్పులకు వాడే డైక్లోఫెనాక్ వంటి మందులు మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి హాని చేయగలవు. వార్ఫరిన్ వాడేవారిలో రక్తస్రావానికి దారితీయవచ్చు. రోగి స్పృహలో లేనప్పుడు ఈ సంగతులు చెప్పగలిగేది కాగితమే. పిల్లలు విదేశాలలో స్థిరపడగా వృద్ధ దంపతులే ఉంటున్న ఇళ్ళలో దీని అవసరం మరింత ఎక్కువ.

పాత రిపోర్టుల ప్రయోజనం పోలికలో ఉన్నది. సీరం క్రియాటినిన్ 1.4 అని వచ్చినప్పుడు, అది అయిదేళ్ళుగా అంతే ఉన్నదా, ఆరు నెలలలో 0.9 నుండి పెరిగినదా అన్నదానిని బట్టి వైద్యుని నిర్ణయం మారుతుంది. ఈసీజీలో కనిపించిన మార్పు, ఛాతీ ఎక్స్‌రేలోని మచ్చ పాతవా, కొత్తవా అన్నది తేల్చడానికి కూడా పూర్వపు ప్రతులే ఆధారం.

ఉండవలసిన వివరాలు

ఫైలులో మొదటి పుట ఒక సంగ్రహ పత్రంగా ఉండాలి. అందులో వ్రాయవలసినవి:

* పేరు, పుట్టిన సంవత్సరం, రక్తపు గ్రూపు, అత్యవసర సమయంలో పిలువవలసినవారి ఫోను నంబర్లు
* ఉన్న జబ్బులు, అవి బయటపడిన సంవత్సరాలు
* ప్రస్తుతం వాడుతున్న మందుల అసలు పేర్లు, మోతాదు, వేళలు
* పడని మందులు, వాటివలన కలిగిన ఇబ్బంది
* జరిగిన ఆపరేషన్లు. స్టెంటు, పేస్‌మేకరు వంటివి అమర్చిన తేదీలు
* వేయించుకొన్న టీకాలు

ఆయుర్వేద, హోమియో మందులు, వైద్యుని చీటీ లేకుండా కొన్నవి కూడా ఇందులో చేర్చాలి.

భద్రపరచు విధానం

డిశ్చార్జి సమ్మరీలను, ఆపరేషను వివరాలను, బయాప్సీ రిపోర్టులను ఎన్నటికీ పారవేయరాదు. థర్మల్ కాగితంపై తీసిన ఈసీజీలు వేడికి, వెలుతురుకు క్రమంగా వెలిసిపోతాయి కనుక వెంటనే జెరాక్సు తీయించాలి. బీమా సంస్థకు అసలు పత్రాలు ఇవ్వవలసి వస్తే ముందుగా నకళ్ళు ఉంచుకోవాలి. మందు మారిన ప్రతిసారీ సంగ్రహ పత్రాన్ని తేదీతో తిరగ వ్రాసి, పాతదానిని కొట్టివేయాలి. కాలం చెల్లిన మందుల పట్టిక అసలు లేనిదానికన్నా ప్రమాదకరం కావచ్చు. ఫైలు ఉన్న చోటు ఇంట్లో మరొకరికైనా తెలిసి ఉండాలి.

చట్టపరమైన హక్కు

భారత వైద్య మండలి 2002 నాటి వృత్తి నియమావళి ప్రకారం, ఆసుపత్రిలో చేరిన రోగుల రికార్డులను చికిత్స మొదలైన తేదీ నుండి 3 సంవత్సరాలు భద్రపరచాలి. రోగి గానీ, అతని అధీకృత ప్రతినిధి గానీ కోరినచో 72 గంటలలోగా పత్రాలను ఇవ్వాలి. గడువు దాటిన పిమ్మట అవి లభిస్తాయన్న భరోసా లేదు కనుక డిశ్చార్జి సమయంలోనే ప్రతులు తీసుకొనుట మేలు.

డిజిటల్ రికార్డులు

2021 సెప్టెంబరు 27న దేశవ్యాప్తంగా ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద పౌరులకు 14 అంకెల ఆభా సంఖ్య ఇస్తారు. ఇందులో చేరుట ఐచ్ఛికం. రోగి సమ్మతితోనే రికార్డులు వైద్యునికి అందుతాయి. పాత కాగితాలు తమంతట తాము ఇందులో చేరవు కనుక కాగితపు ఫైలు అవసరం తీరిపోలేదు.

పరిమితులు

రికార్డు వైద్యునికి సహాయకారి మాత్రమే. పాత చీటీ చూపి సొంతంగా మందులు కొనుట, రిపోర్టులోని అంకెలను చూసి మోతాదు మార్చుకొనుట తగదు.

ఇవి కూడా చూడండి

* మధుమేహం
* రక్తపోటు
* వృద్ధాప్యం