ముల్కీలు, కార్ఖానాలు: ఉప్పల్, నాచారం ప్రాంతముల కూలి చరిత్ర

ముల్కీ అను మాట అరబీ భాషలోని 'ముల్క్' శబ్దము నుండి వచ్చినది. ముల్క్ అనగా దేశము, ముల్కీ అనగా ఆ దేశమువాడు, కానివాడు గైర్‌ముల్కీ. హైదరాబాదు సంస్థానమున ఈ రెండు మాటలును తరతరములుగా జనుల నోట నానినవి. అయినను అవి ఏ మనుష్యుని కొరకు పుట్టినవో, ఏ మనుష్యునికి అక్కరకు రాలేదో విచారించినవారు తక్కువ. నగరమునకు తూర్పున నున్న ఉప్పల్, నాచారం గ్రామముల కథ ఆ విచారణకు మంచి ఆధారము.

మొదటి సాలార్‌జంగు దివానుగా నున్న కాలమున (1853–1883) పాలనను చక్కదిద్దుటకై ఉత్తర హిందూస్థానము నుండి విద్యావంతులను రప్పించి పెద్ద పదవులలో నుంచిరి. చదువుకొన్న స్థానికులకు ఇది కంటకమయ్యెను. ఆ గోడు పెరిగి పెరిగి 1919లో నిజాం ఫర్మానాగా రూపుదాల్చినది. సంస్థానమున పదునైదేండ్లు స్థిరముగా నివసించి, తిరిగి స్వస్థలమునకు పోనని ప్రమాణపత్రము వ్రాసి యిచ్చినవాడు గాని, పుట్టుకచే ముల్కీ అయినవాడు గాని తప్ప, ఇతరుడు ప్రభువు ప్రత్యేకానుమతి లేనిదే సర్కారు కొలువున చేరరాదు. పెద్ద ఉద్యోగములకే కాక చిన్న ఉద్యోగములకును ఈ కట్టడి వర్తించినది. అయితే అది సర్కారు కొలువునకే గాని నాగటికిని, మగ్గమునకును, రాళ్లు కొట్టువానికిని కాదు. ఈ సంగతి మనస్సున నుంచుకొనవలెను.

తరువాతి కథ అందరును ఎరిగినదే. 1948 తరువాత బయటివారు వచ్చి కొలువులలో చేరుట, దొంగ ధ్రువపత్రములు పుట్టుట, 1952 సెప్టెంబరులో విద్యార్థుల ఆందోళన, సిటీ కాలేజీ వద్ద కాల్పులు, 1956లో పెద్దమనుషుల ఒప్పందము, 1969లో మహోద్యమము, 1972 అక్టోబరులో ముల్కీ నిబంధనలు చెల్లునని సుప్రీంకోర్టు తీర్పు, దానిపై ఆంధ్ర ప్రాంతమున అలజడి, 1973లో ఆరు సూత్రములు, 1975లో రాష్ట్రపతి ఉత్తర్వు. ఇంత రక్తము, ఇంత కాగితము వెచ్చించి కట్టిన కంచెయంతయు రాష్ట్ర ప్రభుత్వము, స్థానిక సంస్థలు ఇచ్చు ఉద్యోగముల చుట్టునే నిలిచినది.

ఇక ఉప్పల్ కలాను, నాచారం సంగతి. ఇవి సేద్యపు గ్రామములు. ఉప్పల్ దిక్కున మూసీ నీటితో పశుగ్రాసమును, వరిని పండించిరి. 1961లో స్థాపితమైన జాతీయ భూభౌతిక పరిశోధనాలయము ఉప్పల్ బాటపైననే నెలకొన్నది. ఉత్తరముగా 1967లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషను, 1971లో న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సు వచ్చినవి. నాచారం, ఉప్పల్, మల్లాపూర్, చర్లపల్లి పారిశ్రామికవాడలు ఒకదాని కొకటి చేరువగా పెరిగినవి. పహాణీలో జొన్నయని వ్రాసిన చోట షెడ్డు లేచినది. కేంద్ర సంస్థలు దేశమంతటి నుండి మనుష్యులను తీసుకొనును. ప్రైవేటు కార్ఖానా యజమాని తనకు నచ్చినవానిని తీసుకొనును. 1919 ఫర్మానా గాని, 1975 ఉత్తర్వు గాని ఆ గేటు దాటి లోపలికి పోలేదు. గుమాస్తాకు దొరికిన రక్షణ కూలివానికి దొరకలేదు.

విరాటపర్వమున పాండవులు పరదేశులై మత్స్యరాజు కొలువు సొచ్చిరి. భీముడు వంటశాలలో, సహదేవుడు గోశాలలో కుదిరిరి. అంతకు ముందున్న వంటవాని జీతమేమైనదో కవి చెప్పలేదు. చరిత్రకారులును తరచుగా అట్లే విడిచిపెట్టుదురు.

వచ్చినవాడు స్థానికుని కూలిని తగ్గించునా? దీనికి ఒక్క మాటలో జవాబు లేదు. స్థానికుడన్నది ఒక్క మనిషి కాదు గనుక. నాచారంలో ఇల్లు గలవాడు నాలుగు గదులు వేసి బీహారు, ఒడిషా శ్రామికులకు అద్దెకిచ్చును. కిరాణాకొట్టువానికి బేరము పెరుగును. యంత్రమెరిగిన పనివానికి చేతి కింద మనిషి దొరకును. వీరికి వలస లాభమే. నష్టము తగులునది అడ్డాపై నిలుచున్న మట్టిపని కూలికి. వచ్చినవాడు చేయు పని, వీడు చేయు పని ఒక్కటే, బేరమాడువాడు గుత్తేదారు. మరి అడ్డాలలోని 'స్థానికుడు' ఎవ్వడు? పాలమూరు నుండియో, నల్లగొండ నుండియో నిన్నమొన్న వలస వచ్చినవాడే వారిలో అనేకులు.

ఒడిషా నుండి 'దాదన్' పద్ధతిని అడ్వాన్సు చేతిలో పెట్టి కూలీలను తరలించు దురాచారము వలన 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టము వచ్చినది. దానిలో ఒక నియమము ఉండెను: అదే పని చేయు ఇతర కార్మికునకు ఎంత కూలియో వలసవానికిని అంతే యీయవలెను. పైగా నెల వేతనములో సగమును స్థానచలన భత్యముగా నీయవలసియుండెను. ఇది వలసవానిపై దయగా కనుపించును గాని నిజమునకు స్థానికుని కూలికి కాపలా. పరదేశి చౌక కానిచో గుత్తేదారునకు వానిని వెదకి తెచ్చు ఆసక్తి తగ్గును. ముల్కీ నిబంధనలకై పోరాడినంత గట్టిగా ఈ నియమము అమలునకై ఎవ్వరును పోరాడలేదు. 2020లో ఆ చట్టమును పార్లమెంటు కొత్త కార్మిక స్మృతిలో కలిపివేసినది.

తెలుగువారు ఈ నాటకమున రెండవ పాత్రయు ధరించిరి. రంగూను రేవున 1930లో ఓడల సరుకు దించువారు అధికముగా తెలుగు కూలీలు. బర్మీయులు వారిని కోరంగివారనిరి. కూలి పెంపునకై వారు సమ్మె చేయగా కంపెనీలు బర్మీయులను పనిలో పెట్టుకొన్నవి. మే నెల చివర సమ్మె ముగియగానే బర్మీయులను పొమ్మన్నవి. ఆనాడు రేవులో రేగిన కొట్లాట నగరమంతట ప్రాకి నూరుమందికి పైగా మరణించిరి. కొట్టినవారును, చచ్చినవారును కూలీలే. కంపెనీల సరుకు మరల ఎప్పటివలె దిగినది.

వలసవారు వెడలిపోయిన స్థానికునకు కూలి పెరుగునను వాదమునకు 2020లో ఒక పరీక్ష జరిగినది. కరోనా దిగ్బంధమున మే 1వ తేదీన నగరపు పడమటి కొనయగు లింగంపల్లి నుండి జార్ఖండులోని హటియాకు సుమారు 1,200 మంది శ్రామికులతో దేశములోని మొదటి శ్రామిక రైలు కదలినది. అది యాసంగి ధాన్యము మిల్లులకు చేరు కాలము. బస్తాలెత్తు హమాలీలు లేరు. ఆ నెలలోనే బీహారులోని ఖగడియా నుండి మిల్లు హమాలీలతో వేరొక రైలు అదే లింగంపల్లికి వచ్చినది. ప్రభుత్వ ప్రతినిధులే స్టేషనుకు పోయి వారికి స్వాగతము పలికిరి.