ఆరోగ్యశాల నుంచి ఆశా కార్యకర్త దాకా: తెలుగు నేలపై సాయానికి దారి చూపినవారు

ఏ రాజు ఏ ఊళ్లో సత్రం కట్టించాడో, ఏ జమీందారు ఏ ఆసుపత్రికి భూమి ఇచ్చాడో శాసనాలూ శిలాఫలకాలూ చెబుతాయి కాబట్టి, తెలుగునాట దానధర్మాల చరిత్ర ప్రధానంగా దాతల చరిత్రగానే నిలిచింది. ఆ సాయం ఎక్కడ దొరుకుతుంది, ఏ వేళకు వెళ్లాలి, ఎవరికి ఇస్తారు అనే సంగతులను అవసరంలో ఉన్న మనిషి చెవిన వేసినవారు ఎవరన్న ప్రశ్నకు చరిత్ర గ్రంథాల్లో దక్కిన చోటు చాలా తక్కువ. రోగి గడప దాకా కబురు చేరని వైద్యశాల ఎంత గొప్పదైనా ఆ రోగికి లేనట్టే గనుక, ఆ కబురు నడిచిన దారిని కూడా సంక్షేమ చరిత్రలో ముఖ్య భాగంగా చూడవలసి ఉంది.

ఈ దారికి మనకు తెలిసిన తొలి ఆనవాళ్లు కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద ఉన్నాయి. క్రీస్తుపూర్వం మూడవ శతాబ్దంలో అశోకుడు అక్కడ చెక్కించిన పెద్ద శిలాశాసనాల్లో రెండవది మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేసిన సంగతిని, ఓషధులూ మూలికలూ ఫలవృక్షాలూ లేని చోట్లకు తెప్పించి నాటించిన సంగతిని, దారుల వెంట బావులు తవ్వించిన సంగతిని చెబుతుంది. అదే చోట ఉన్న చిన్న శిలాశాసనం ధర్మబోధకు సంబంధించినదే గాని వైద్యానికి సంబంధించినది కాదు. అయినా రాజాజ్ఞను రజ్జుకుడు, అంటే గ్రామీణ ప్రాంతాన్ని చూసే అధికారి, భేరి మోగించి జనపదానికి తెలియజేయాలని అందులో ఉన్న ఆదేశం గమనించదగినది. చదువు రాని ప్రజలకు రాతి మీది అక్షరం ఒక్కటే చాలదని, దాన్ని నోటితో చాటే మనిషి కావాలని ఆనాటి పాలకులు గుర్తించారనడానికి ఇది గట్టి సాక్ష్యం.

మధ్యయుగానికి వస్తే, గుంటూరు జిల్లాలో మందడం పక్కనున్న మల్కాపురం శాసనం ఈ విషయంలో అసాధారణమైన వివరాలు ఇస్తుంది. 1261 నాటి ఈ శాసనం ప్రకారం కాకతి గణపతిదేవుడు తన గురువు విశ్వేశ్వర శివాచార్యునికి మందడం గ్రామాన్ని ఇవ్వగా, రుద్రమదేవి ఆ దానాన్ని స్థిరపరచి వెలగపూడిని కూడా చేర్చి ఇచ్చింది. గోళకీ మఠం అనే శైవ సంప్రదాయానికి చెందిన ఆ ఆచార్యుడు అక్కడ ఆలయంతో పాటు విద్యాలయం, మఠం, అన్నసత్రం, ప్రసూతిశాల, ఆరోగ్యశాల నెలకొల్పాడు. ప్రసూతిశాల అంటే కాన్పుల కోసం ప్రత్యేకించిన ఇల్లు, ఆరోగ్యశాల అంటే రోగులకు చికిత్స చేసే చోటు. పదమూడవ శతాబ్దంలో ఈ రెంటినీ వేరువేరుగా పేర్కొనడం, వాటి ఖర్చుకు భూముల ఆదాయంలో వాటా కేటాయించడం చూస్తే ఇది దైవభక్తితో చేసిన దానం మాత్రమే కాదని, నిర్వహణ తెలిసినవారు వేసిన ఏర్పాటని అర్థమవుతుంది. ఆ ఊరి ఉద్యోగుల వరుసలో వేదశాస్త్రాలు బోధించే ఆచార్యులతో పాటు ఒక వైద్యుడు, లెక్కలు రాసే ఒక కాయస్థుడు కూడా ఉన్నారు. అన్నసత్రంలో బ్రాహ్మణుని మొదలుకొని చండాలుని వరకు వచ్చినవారందరికీ అన్ని వేళలా అన్నం పెట్టాలన్న నియమం ఈ శాసనంలోని అత్యంత విలువైన మాటగా చెప్పవలసి ఉంటుంది, ఎందుకంటే తరువాతి శతాబ్దాల సత్రాల్లో చాలావాటికి ఆ విశాలత లేదు. నేటి ఆంధ్రప్రదేశ్ సచివాలయం వెలగపూడిలోనే ఉన్నందువల్ల, రాష్ట్రమంతటి పింఛన్లకూ ఆరోగ్య పథకాలకూ ఉత్తర్వులు వెలువడే చోటు ఒకనాడు ప్రసూతిశాల ఉన్న అగ్రహారానికి దానమిచ్చిన భూమే అవుతోంది.

నగరాల్లో పరిస్థితి వేరు. మహమ్మద్ కులీ కుతుబ్ షా 1595లో హైదరాబాదులో కట్టించిన దారుల్ షిఫా, అంటే స్వస్థత చేకూర్చే ఇల్లు, నడిమి ఆవరణ చుట్టూ రెండు అంతస్తుల గదులతో యునానీ వైద్యానికి కేంద్రంగా ఉండేది. రాజధానికి వచ్చిన బాటసారి అలాంటి కట్టడాన్ని అడిగి తెలుసుకోగలడు గాని, మారుమూల పల్లెలో జ్వరంతో పడుకున్నవాడికి దాని ఉనికి ఉపయోగపడే అవకాశం తక్కువ. దూర ప్రయాణికులకు దారి వివరాలు ఎంత అవసరమో ఏనుగుల వీరాస్వామి రచన చూస్తే తెలుస్తుంది. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా, అంటే భాషానువాదకుడిగా, పనిచేసిన ఆయన 1830, 1831 సంవత్సరాల్లో చేసిన కాశీయాత్రను మజిలీ మజిలీకీ రాసుకుంటూ, ఏ ఊళ్లో దిగడానికి వసతి ఉంది, ఎక్కడ అంగళ్లున్నాయి, నీళ్లు మంచివా కావా అనే వివరాలు నమోదు చేశాడు. యాత్రాగ్రంథంగా పేరు పొందిన ఆ పుస్తకం తెలుగులో సేవల వివరాలు తెలిపిన తొలి కరదీపికల్లో ఒకటిగా కూడా లెక్కకు రావాలి.

పల్లెల్లో ఈ పని చేసినది పుస్తకం కాదు, చాటింపు. కలరా వచ్చిందన్నా, టీకాలవాడు ఫలానా రోజు వస్తున్నాడన్నా, కరువు పనులు మొదలవుతున్నాయన్నా ఊరి వెట్టివాడు డప్పు కొడుతూ వీధి వీధికీ తిరిగి చెప్పేవాడు. ఇక్కడొక చేదు నిజాన్ని దాటవేయడానికి వీల్లేదు. ఊరందరికీ కబురు చేరవేసిన ఆ మనిషి ఊరి వెలుపలి వాడలో ఉండేవాడు; అతను చాటిన సత్రం అతనికి అన్నం పెట్టకపోవచ్చు, ఊరి బావి నీళ్లు అతనికి అందకపోవచ్చు. సమాచారం మోసినవారికే సేవలో వాటా లేకపోవడం తెలుగునాట సంక్షేమ చరిత్రకు పట్టిన పాత జబ్బు.

ఆ అడ్డుగోడ కొంత కదిలిన సందర్భాల్లో 1876–78 కరువు ఒకటి. తెలుగువారు ధాత కరువుగా చెప్పుకొన్న ఆ విపత్తులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకొని, తన బోధకులనే పనివారిపై మేస్త్రీలుగా నియమించి, ఎక్కువగా మాదిగ కుటుంబాలకు కూలి పని దొరికేలా చేశాడు. పని ఉందన్న కబురు ఆ బోధకుల నోటనే వాడలకు చేరింది. గుంటూరులో మిషనరీ వైద్యురాలు డాక్టర్ అన్నా కుగ్లర్ స్త్రీలకూ పిల్లలకూ 1898లో ఆసుపత్రి తెరిచినప్పుడు కూడా మగ వైద్యుల ముందుకు రావడానికి ఇష్టపడని ఇళ్లలోని ఆడవారికి ఆ చోటు గురించి చెప్పినవారు ఇంటింటికీ తిరిగే బైబిలు స్త్రీలే. మత ప్రచారం ఈ సేవతో కలిసి నడిచిందన్నది నిజం. తమ గడప తొక్కి పలకరించిన తొలి సేవాసంస్థ మిషనే కావడం వల్ల ఎందరో దళిత కుటుంబాలవారికి దానిపై గురి కుదిరిందన్నదీ అంతే నిజం.

సర్కారు జిల్లాల్లో, రాయలసీమలో 1884 నాటి మద్రాసు స్థానిక బోర్డుల చట్టం తరువాత తాలూకా బోర్డులూ జిల్లా బోర్డులూ చిన్న ఆసుపత్రులు నడిపాయి. పట్టణంలోని ఉచిత వైద్యశాలను జనం ధర్మాసుపత్రి అన్నారు, నిజాం ఇలాకాలో దవాఖానా అన్నారు. మూసీ వరద 1908లో అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిని దెబ్బతీయగా, 1925 నాటికి ఉస్మానియా ఆసుపత్రి మహాభవనం నది ఒడ్డున లేచింది. మద్రాసు రాష్ట్రం 1939లో తెచ్చిన ప్రజారోగ్య చట్టం దేశంలోనే ఆ రకపు మొదటి చట్టం కాగా, తల్లీబిడ్డల సంరక్షణ దయతో చేసే పనిగా కాక స్థానిక సంస్థల బాధ్యతగా అందులో చోటు చేసుకుంది. అయినా పల్లెలో కాన్పు మంత్రసాని చేతిలోనే జరిగేది, జననమరణాల లెక్క గ్రామ మునసబు చేతిలో ఉండేది, ప్రభుత్వానికీ పల్లెకూ మధ్య మాట్లాడగలిగినవారు మునసబు, కరణం తప్ప ఇంకెవరూ లేరు.

స్వాతంత్ర్యం తరువాత ఈ మధ్యవర్తి స్థానంలోకి స్త్రీని తేవడమే అతి పెద్ద మార్పు, దానికి పునాది వేసినవారిలో రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ ముందు వరుసలో నిలుస్తారు. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ఆమె తొలి అధ్యక్షురాలు. ఆ మండలి గ్రామాల సముదాయాలకు మంజూరు చేసిన సంక్షేమ విస్తరణ పథకాల్లో గ్రామసేవిక, మంత్రసాని, చేతిపనులు నేర్పే ఉపాధ్యాయిని కలిసి పనిచేసేవారు. ఊరి స్త్రీ మరో స్త్రీతోనే తన జబ్బు చెప్పుకుంటుందన్న ఇంగితం ఆ ఏర్పాటులో ఉంది. దానికి సమాంతరంగా, 1946 నాటి భోర్ కమిటీ సిఫారసుల నుంచి వచ్చిన ప్రాథమిక ఆరోగ్య కేంద్రం సమాజ వికాస పథకంతో పాటు 1952 నుంచి బ్లాకుల్లోకి అడుగుపెట్టింది. కాలక్రమంలో మైదాన ప్రాంతంలో 30,000 మందికి, కొండ, గిరిజన ప్రాంతాల్లో 20,000 మందికి ఒక కేంద్రం, దాని కింద 5,000 లేదా 3,000 మందికి ఒక ఉపకేంద్రం అనే కొలత స్థిరపడింది.

ఆ ఉపకేంద్రంలో ఉండే ఏఎన్ఎం, అంటే కాన్పులు చేయడంలోనూ ప్రాథమిక వైద్యంలోనూ శిక్షణ పొందిన సహాయ నర్సు, జనం నోట నర్సమ్మ అయింది. మంచుపలకలు అమర్చిన టీకాల డబ్బాను ఆరోగ్య కేంద్రం నుంచి బస్సులోనో నడిచో తెచ్చుకొని, బుధవారం ఉపకేంద్రంలో, శనివారం ఊళ్లో టీకాలు వేయడం, గర్భిణుల పేర్లు లావుపాటి రిజిస్టర్లలో గళ్లు గీసి ఎక్కించడం, ఇనుము మాత్రలు మింగుతున్నారో లేదో ఇంటికి వెళ్లి అడగడం ఆమె పని. గోడల మీది ఎర్ర త్రికోణం గుర్తు కుటుంబ నియంత్రణ ప్రచారంగా ఊరూరా కనిపించిన రోజుల్లో ఆపరేషన్ల లక్ష్యాలు కూడా ఆమె నెత్తినే పడ్డాయి. ఎమర్జెన్సీ కాలంలో ఆ లక్ష్యాల కోసం సాగిన ఒత్తిడి వల్ల ఆరోగ్య సిబ్బందిని చూసి తలుపులు వేసుకున్న ఇళ్లూ ఉన్నాయి. సేవ పేరు చెప్పి లెక్కల కోసం వెంటపడితే నమ్మకం ఎంత త్వరగా చెడుతుందో, దాన్ని తిరిగి కట్టడానికి ఎన్నేళ్లు పడుతుందో ఆ తరం నర్సమ్మలకు అనుభవమే. 1975లో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల కింద అంగన్‌వాడీ కేంద్రం చేరాక పౌష్టికాహారం, టీకా, బడికి ముందు చదువు ఒకే గుమ్మంలోకి వచ్చాయి.

1980ల తరువాతి కథలో కాగితం ముఖ్య పాత్ర అయింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చింది, 1984లో కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి, 1985లో మండలాలు ఏర్పడ్డాయి. వంశపారంపర్య పెత్తనం పోవడం మేలే. అయితే దాని స్థానంలో తెల్ల రేషన్ కార్డు వచ్చి కూర్చుంది. 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు, పెద్ద ఆసుపత్రిలో ఖరీదైన శస్త్రచికిత్స పొందే అర్హతకు ఆ కార్డే గుర్తు. కార్డు ఉన్నంత మాత్రాన దారి తెలియదని గ్రహించి ఆరోగ్య కేంద్రాల్లో, ఆసుపత్రుల్లో ఆరోగ్యమిత్రలను నియమించడం ఆ పథకంలో తక్కువ మంది మెచ్చుకున్న మంచి పని. అంతకుముందు 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్సు, తరువాత వచ్చిన 104 సేవలు మూడంకెల సంఖ్యనే చిరునామాగా మార్చాయి. ఆరోగ్య కేంద్రానికి దూరంగా ఉన్న ఊళ్లకు నెలలో నిర్ణీత దినాన వచ్చిన 104 బండి దగ్గర బీపీ, షుగరు చూపించుకొని నెల మందులు తీసుకున్న వృద్ధులకు ఆ తేదీ పండుగ తేదీలా గుర్తుండేది. తెలంగాణలో 2018 నుంచి బస్తీ దవాఖానాలు, ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2 నుంచి గ్రామ, వార్డు సచివాలయాలు సేవను మళ్లీ కాలినడక దూరంలోకి తెచ్చే ప్రయత్నాలుగా వచ్చాయి.

ఇన్ని ఏర్పాట్లున్నా, ఏ పథకం ఎవరికి వర్తిస్తుందో ఇంటి ముందు నిలబడి చెప్పేది నేటికీ ప్రధానంగా ఆశా కార్యకర్తే. 2005లో మొదలైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ వెయ్యి మందికి ఒకరు చొప్పున అదే ఊరి స్త్రీని ఈ పనికి ఎంచుకొంది గాని, ఆమెను ఉద్యోగిగా కాక స్వచ్ఛంద కార్యకర్తగానే లెక్కించి పారితోషికమే ఇస్తూ వచ్చింది. అంగన్‌వాడీల స్థితీ అంతకంటే మెరుగ్గా లేదు కాబట్టే 2023 డిసెంబరు నుంచి 2024 జనవరి దాకా ఆంధ్రప్రదేశ్‌లో వారు దీర్ఘకాలం సమ్మె చేయవలసి వచ్చింది. పదమూడవ శతాబ్దపు శాసనం వైద్యుడికి పోషణ ఏర్పాటు చేసి రాతిలో చెక్కించగా, ఇరవై ఒకటవ శతాబ్దపు ప్రభుత్వాలు గడప గడపకూ తిరిగే స్త్రీకి స్థిరమైన జీతం రాసివ్వడానికి వెనకాడుతున్నాయి. డప్పు మోసిన మనిషికి జరిగిన అన్యాయం రూపు మార్చుకొని కొనసాగుతోందనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

ఈ చరిత్రకు ఆధారాలైన తాలూకా బోర్డుల కాగితాలు, మునసబుల జననమరణాల పుస్తకాలు, పాత ఉపకేంద్రాల రిజిస్టర్లు చెదలు పట్టే స్థితిలో ఉండగా, తొలితరం నర్సమ్మల్లో బతికి ఉన్నవారు వయసు మళ్లి ఉన్నారు. జిల్లా చరిత్రలు రాసేవారు, విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలు ఆ పుస్తకాలను భద్రపరచి, ఆ స్త్రీల జ్ఞాపకాలను వారి మాటల్లోనే నమోదు చేసే పని ఇప్పుడే చేపట్టాలి.