నిద్రను కొలిచే మిషన్ లేదు

ఇంకా తెల్లవారలేదు. వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ వచ్చి కడప స్టేషన్లో ఆగింది. జనవరి చలి. టీ అమ్మే మనిషి చెవుల మీదుగా మఫ్లర్ బిగించుకుని బోగీల వెంట నడుస్తున్నాడు. త్రీటైర్ ఏసీలోంచి తమ్ముడు దిగుతున్నాడు. మా చిన్నాయన కొడుకు. నిన్న తెల్లవారుజామున అతను ముప్పై వేల అడుగుల ఎత్తున, నూట ఎనభై మంది ఎక్కిన విమానంలో కుడివైపు సీట్లో కూర్చున్న కోపైలట్. ఇప్పుడు మెట్టు దిగడానికి కూడా కడ్డీ పట్టుకోవాల్సి వస్తోంది.

"అన్నా, బాగుండావా?"

"యాడన్నా నిద్ర పోతివా లేదా రేయ్?"

"రైల్లో కొంచేపు పడింటాలే."

కారు ఊరు దాటి వల్లూరు వైపు తిరిగింది. ఎర్రగుంట్ల సిమెంటు లారీలు ఎదురొస్తున్నాయి. వాటి హెడ్‌లైట్లు పడ్డప్పుడల్లా తమ్ముడి ముఖం ఒక్క క్షణం కనబడి మళ్ళీ చీకట్లో కలిసిపోతోంది. కళ్ళ కింద ఉబ్బు, మూడు రోజుల గడ్డం. చేతిలో ఫోన్. అందులో రోస్టర్ తెరిచే ఉంది: నెలంతా చిన్న చిన్న గళ్ళు, డ్యూటీకి ఒక రంగు, స్టాండ్‌బైకి ఇంకో రంగు, సెలవుకు ఇంకోటి. బొటనవేలితో ఒక గడిని నొక్కి నాకు చూపించబోయాడు. "ఇది చూడన్నా, మొన్న ఇది ఆఫ్. రాత్రికి రాత్రి..." మాట అక్కడే ఆగిపోయింది. చూస్తే నిద్రపోయాడు. ఫోన్ వెలుతురు గడ్డం మీద పడుతూనే ఉంది.

ఇంటి ముందు కడపబండల అరుగు మీద పిన్నమ్మ కూర్చుని ఉంది. రాత్రంతా మేలుకున్నట్టుంది ఆమె కూడా. కొడుకు ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని వెలుగుకు తిప్పింది.

"ఏం నాయనా, మొగం ఇట్లయిందేమి? వాళ్ళు నిన్ను పండుకోనీరా?"

కారందోసె వేస్తానంటే వద్దన్నాడు. బూట్లు విప్పి, చొక్కాతోనే మంచం మీద వాలిపోయాడు. తొమ్మిది కాకముందే ఫోన్ మోగింది. కంపెనీ వాళ్ళ రోస్టర్ విభాగం. మధ్యలో వచ్చిన మార్పు వల్ల ఎల్లుండి ఉదయం డ్యూటీని రేపు రాత్రికి తెచ్చారట, వీలవుతుందా అని అడుగుతున్నారు. అడగడం మర్యాదగానే ఉంది. కాదనే హక్కు అతనికి ఉంది. కానీ ఒకసారి కాదన్నవాడి పేరు గుర్తుంటుందని, తర్వాత నెల రోస్టర్లో అది తెలుస్తుందని ఆ వృత్తిలో ఉన్నవాళ్ళంతా నమ్ముతారు. తమ్ముడు కళ్ళు తెరవకుండానే "ఐ విల్ కాల్ బ్యాక్" అన్నాడు. పక్కకు తిరిగాడు. కానీ నిద్ర మళ్ళీ రాలేదు.

మధ్యాహ్నం మిద్దె మీద ఎండలో కూర్చున్నాం. పెన్న వైపు నుంచి గాలి వస్తోంది. పోయిన ఎండాకాలంలో ఒక రాత్రి గురించి అప్పుడు చెప్పాడు. అతని మాటల్లోంచి ఆ సీట్లోకి మనమూ వెళ్దాం.

రాత్రి పదిన్నర. డ్యూటీకి ముందు గొట్టంలోకి ఊదాలి. మద్యం వాసన ఏ కొంచెం ఉన్నా ఆరోజు విమానం లేదు, ఉద్యోగానికీ ముప్పే. అది న్యాయమే. మిషన్ సున్నా చూపించింది. పక్కనున్న డాక్టరు సంతకం పెట్టాడు. ముందు రోజు పగలు అపార్ట్‌మెంటు కింద కుళాయి రిపేరు, పక్కింట్లో పెళ్ళిసందడి, మూడు గంటలు కూడా నిద్ర పట్టలేదని మాత్రం ఏ మిషనూ చెప్పదు. పదిహేడు గంటలు మేలుకుని ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడితో సమానంగా పడిపోతుందని 1997లోనే ఆస్ట్రేలియా పరిశోధకులు నేచర్ పత్రికలో రాశారు.

మొదటి సెక్టారు, అంటే ఆ రాత్రి మొదటి ప్రయాణం, బాగానే జరిగింది. రెండోది దిగేసరికి రెండు దాటింది. మూడో సెక్టారులో తూర్పున ఇంకా నలుపే. వెనక అందరూ నిద్రలో ఉన్నారు. కాక్‌పిట్‌లో ఇంజన్ల ఒకే రకపు హోరు, ముందు తెరల మీద పచ్చ, నీలం గీతలు. రాత్రి రెండు నుంచి ఆరు దాకా మనిషి ఒంట్లో గడియారం అట్టడుగున ఉంటుంది; విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పుస్తకంలోనూ ఆ నాలుగు గంటలకు ప్రత్యేకంగా పేరుంది. కింద నుంచి కంట్రోలర్ కొత్త ఫ్రీక్వెన్సీ చెప్పాడు. అది చెవిలో పడింది కానీ మెదడు దాకా పోలేదు. కెప్టెన్ తిరిగి చూసి తానే తిప్పాడు. ఏమీ అనలేదు. ఆయన కళ్ళూ ఎర్రగానే ఉన్నాయి.

ఐదున్నర. రన్‌వే దీపాలు. విమానం తనే ఎత్తు చెబుతోంది: ఫిఫ్టీ, ఫార్టీ, థర్టీ, ట్వంటీ, రిటార్డ్. ఫార్టీ విన్నాడు. థర్టీ వినలేదు. ఆ మధ్య క్షణం ఎక్కడికి పోయిందో అతనికి ఇప్పటికీ తెలియదు. ల్యాండింగ్ చేస్తున్నది కెప్టెన్. చక్రాలు మెత్తగా ఆనాయి. వెనక ఎవరో చప్పట్లు కొట్టారు.

"ఆ చప్పట్లు విని నాకు ఒళ్ళు వణికిందన్నా," అన్నాడు తమ్ముడు.

ఇంకో సంగతి. ఆ ల్యాండింగ్ అప్పటి నిబంధన లెక్కలో రాత్రి ల్యాండింగే కాదు. రాత్రి అంటే పన్నెండు నుంచి ఐదు దాకానే అని ఉండేది. ఐదున్నర వాళ్ళ పుస్తకంలో పగలు.

2010 మే 22ను మరిచిపోకూడదు. దుబాయి నుంచి మంగళూరు వస్తున్న ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం ఉదయం ఆరు గంటల వేళ రన్‌వే దాటి లోయలో పడింది. 166 మందిలో 158 మంది చనిపోయారు. రెండు గంటల ఐదు నిమిషాల రికార్డింగులో గంటా నలభై నిమిషాలు కెప్టెన్ నిద్రలో ఉన్నాడని, గురక కూడా వినబడిందని విచారణ సంఘం రాసింది. కోపైలట్ మళ్ళీ పైకి లేపమని చెప్పినా, నిద్ర మత్తు వదలని మెదడు సరైన నిర్ణయం తీసుకోలేకపోయింది.

ఇంత జరిగినా నిబంధనలు ఈ మేరకు మారడానికి చాలా ఏళ్ళు పట్టింది. 2024 జనవరిలో డీజీసీఏ కొత్తవి ప్రకటించింది. వారం విశ్రాంతి 36 గంటల నుంచి 48 గంటలకు పెంచారు. రాత్రిని ఆరు దాకా పొడిగించారు. రాత్రి ల్యాండింగులు ఆరు నుంచి రెండుకు తగ్గించారు. పైలట్ల అలసట మీద కంపెనీలు మూడు నెలలకోసారి నివేదిక ఇవ్వాలన్నారు. అదే ఏడాది జూన్ 1 నుంచి అమలు కావాల్సింది వాయిదా పడింది. పైలట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్తే తప్ప కదల్లేదు. చివరికి 2025 జూలై 1న ఒక దశ, నవంబర్ 1న రెండో దశ.

ఆ తర్వాత నెలలో ఏమైందో అందరూ చూశారు. కొత్త నిబంధనలకు సరిపడా పైలట్లను ఇండిగో సిద్ధం చేసుకోలేదు. డిసెంబర్ 3 నుంచి 5 దాకా మూడు రోజుల్లో 2,507 విమానాలు రద్దయ్యాయి, మూడు లక్షల మందికి పైగా ఇబ్బంది పడ్డారు. శంషాబాద్‌లో మాల వేసుకున్న అయ్యప్ప స్వాములు కొచ్చి విమానం కోసం గంటలు గంటలు కాచుకుని ధర్నాకు కూర్చున్నారు. పెళ్ళిళ్ళు, పరీక్షలు, ఆసుపత్రి అపాయింట్‌మెంట్లు పోగొట్టుకున్నవాళ్ళ కోపం న్యాయమైనదే. ఆ కోపానికి ప్రభుత్వం ఏం చేసింది? టికెట్ ధరలకు పరిమితి పెట్టింది, విచారణకు ఆదేశించింది. దాంతోపాటే రాత్రి నిర్వచనంలో, రాత్రి ల్యాండింగుల లెక్కలో ఆ కంపెనీకి 2026 ఫిబ్రవరి 10 దాకా మినహాయింపు ఇచ్చింది. వారం విశ్రాంతికి బదులుగా సెలవును లెక్కపెట్టకూడదన్న ఆదేశాన్ని అన్ని కంపెనీలకూ వెనక్కి తీసుకుంది. తప్పు కంపెనీ ప్రణాళికలో ఉంటే కోత పడింది పైలట్ల నిద్రకు. ఇది నాకు మింగుడుపడలేదు, ఇప్పటికీ పడదు.

తమ్ముడి సమస్య ఇంకో పక్క కూడా ఉంది. అతని బేస్, అంటే డ్యూటీ మొదలయ్యే ఊరు, కోల్‌కతా. హైదరాబాద్ బేస్ అడిగి చాలాకాలమైంది. డ్యూటీ అయిపోయాక విశ్రాంతి గంటలు లెక్కలోకి వస్తాయి. ఇల్లు చేరాక కాదు. సిబ్బంది టికెట్ అంటే సీటు మిగిలితేనే. రెండు విమానాలు నిండిపోయి, మూడోదాంట్లో చోటు దొరికితే శంషాబాద్, అక్కడి నుంచి కాచిగూడ, ఆ తర్వాత రైలు. కడపకు విమానం లేక కాదు. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం ప్రారంభమైన రోజే కడప–హైదరాబాద్ విమానం మొదలైంది. ఆరోజు కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని పిన్నమ్మ ఆకాశం చూసింది, కొడుకు ఆ పనిలోకే పోతాడని. కానీ ఇతని డ్యూటీ ముగిసే వేళకు ఆ విమానం అందదు.

మానేయొచ్చు కదా అంటారు కొందరు. కోపైలట్ ఆరు నెలల ముందు నోటీసు ఇవ్వాలి, కెప్టెన్ అయితే ఏడాది. 2017లో డీజీసీఏ పెట్టిన నిబంధన ఇది. లైసెన్సు కోసం చేను కుదువపెట్టి తెచ్చిన బ్యాంకు అప్పు ఇంకా తీరలేదు.

ఇల్లు ఒకచోట, బేస్ ఒకచోట ఉన్న పైలట్ల అలసట ఎంత దూరం పోతుందో అమెరికా 2009 ఫిబ్రవరి 12 రాత్రి చూసింది. బఫలో దగ్గర కోల్గన్ ఎయిర్ విమానం ఒక ఇంటి మీద కూలింది. 50 మంది చనిపోయారు. కోపైలట్ ముందు రాత్రంతా సియాటిల్ నుంచి సరుకు విమానాల్లో కూర్చుని, దేశం ఆ చివర నుంచి ఈ చివరకు, నూవార్క్ డ్యూటీకి వచ్చింది. కెప్టెన్ తప్పుగా స్పందించడమే ప్రధాన కారణమని తేల్చినా, ఇద్దరి అలసటా పనితీరును దెబ్బతీసి ఉండొచ్చని విచారణ రాసింది. అక్కడ పట్టు వదలకుండా తిరిగింది మృతుల కుటుంబాలు. ఆ తల్లిదండ్రులు, భార్యాభర్తలు ఏళ్ళ తరబడి వాషింగ్టన్‌లో తలుపులు తట్టారు. 2014 జనవరి నుంచి కొత్త విశ్రాంతి నిబంధనలు అమల్లోకి వచ్చాయి.

మన దగ్గర కొత్త నిబంధనల అమలు కోసం కోర్టుకెళ్ళింది పైలట్లు. ప్రయాణికులమైన మనం, మన పక్షాన వాళ్ళు పోరాడుతున్నారని కూడా గుర్తించలేదు. సిబ్బంది డ్యూటీ సమయం అయిపోయింది, విమానం ఆలస్యమని గేటు దగ్గర చెబితే ఇకమీద ఆ అమ్మాయి మీద కేకలు వేయకండి. సరిపడా పైలట్లను ఎందుకు పెట్టుకోలేదని కంపెనీకి రాయండి, డీజీసీఏకి రాయండి. పౌర విమానయాన మంత్రి కె. రామ్మోహన్ నాయుడు శ్రీకాకుళం ఎంపీ, మన భాషలోనే చెప్పుకోవచ్చు. ఇలాంటి మినహాయింపులు ఇకమీద ఒక్కరోజుకు కూడా ఇవ్వవద్దని ఆయనకు ఉత్తరం రాయండి. నేను రాశాను.