పొలవాస లొంగాకే ఓరుగల్లు

కాకతీయుల ఓరుగల్లు అనగానే అందరికీ గుర్తొచ్చేవి నాలుగు రాతి తోరణాలు. రాష్ట్ర చిహ్నంలో అవే, పాఠ్యపుస్తకాల్లో అవే. ఆ తోరణాల చుట్టూ బతికిన పట్నం మాత్రం ఎక్కడా కనబడదు. బైజాంటైన్ల రాజధాని కాన్‌స్టాంటినోపుల్ 1204లో కొల్లబోయినప్పుడు, దాని గోడలు, గుళ్లు, సంపద ఎలా ఉండేవో ఆ దండయాత్రకు వచ్చిన విల్లార్డువాన్, రాబర్ట్ ద క్లారీలే రాసిపెట్టారు. గణపతిదేవుడు గద్దెనెక్కి అప్పటికి అయిదేళ్లు. ఓరుగల్లుకు అలాంటి కళ్లు దొరకలేదు. తెలుగు తీరాన్ని, ఇక్కడి వజ్రాలను, సన్నని నూలుబట్టను పొగిడిన మార్కో పోలో కూడా రాజధాని వీధుల గురించి ఏమీ రాయలేదు. ఆ ఖాళీలోకి కథలు వచ్చి చేరాయి. ఏడు కోటలన్నారు, నేల మీద ఆనవాళ్లున్నవి మూడు. కోహినూరు ఇక్కడి నుంచే పోయిందన్నారు, ఆ కాలపు రాతల్లో ఆ వజ్రం పేరే లేదు. 1323లో ఢిల్లీ సేన పట్టడంతో పట్నం తుడిచిపెట్టుకుపోయిందన్నారు, అదీ నిజం కాదు.

తొలి దశ తెలిసిందే. చాళుక్యుల సామంతులుగా ఎదిగిన కాకతీయులు హనుమకొండను కేంద్రం చేసుకున్నారు. రుద్రదేవుడు 1163 నాటి వేయిస్తంభాల గుడి శాసనంతో తన స్వతంత్రాన్ని చాటాడు. గణపతిదేవుడు రాతికోటను లేపాడు, రుద్రమదేవి దాని ఎత్తు పెంచింది, ప్రతాపరుద్రుడు బలపరిచాడు.

పేచీ అంతా ఒక్క ప్రశ్న దగ్గరే. గుట్టల అండ ఉన్న హనుమకొండను కాదని, ఏకశిల గుట్ట ఒక్కటి తప్ప చుట్టూ చదునుగా ఉన్న నేల మీద రాజధాని ఎందుకు కట్టుకున్నారు? ‘జనం పెరిగారు, చోటు చాలలేదు’ అన్నది మామూలుగా వినబడే జవాబు. చోటు చాలకపోతే ఊరు పక్కకు పెరుగుతుంది. కొలువునూ ఖజానానూ మైదానంలోకి దించాలంటే దానికి వేరే ధీమా కావాలి. ఆ ధీమా ఉత్తరాన, ఇప్పటి జగిత్యాల దగ్గర, పొలవాస లొంగాకే వచ్చింది.

వ్యవసాయ పరిశోధన కేంద్రం వల్ల నేటి రైతులకు తెలిసిన పొలాసే ఆనాటి పొలవాస. పెగడపల్లి, జగిత్యాల, కోరుట్ల వైపు జనం రోజూ తిరిగే నేలే అది. కాకతీయుల చరిత్రలో ఆ ఊరికి దక్కేది ‘ఓడిన సామంతులు’ అన్న ఒక్క వాక్యం. శాసనాలను వరుసగా పెట్టి చూస్తే లెక్క మారుతుంది. పొలవాస ఏలికల దానశాసనాలు నర్సంపేట దగ్గరి బానాజీపేటలో దొరికాయి. అంతకంటే ముఖ్యమైనది హనుమకొండ పద్మాక్షి గుట్ట మీద ఉంది. 1117 నాటి ఆ శాసనంలో కాకతి మంత్రి బేతన భార్య మైలమ కట్టించిన జైన బసదికి ఉగ్రవాడి మేళరసు కూడా దానం ఇచ్చాడు. ఈ మేళరసుది పొలవాస వంశమేనని పరిశోధకుల గుర్తింపు. కాకతీయుల ముంగిట్లో పక్కింటి ప్రభువు దానం ఇచ్చాడంటే అతని బలం తక్కువది కాదు.

తర్వాతి తరంలో చెలిమి చెడింది. రుద్రదేవుడు దొమ్మరాజునూ పొలవాస మేడరాజునూ ఓడించాడని 1163 శాసనం చెబుతుంది. జగద్దేవుడనేవాడు హనుమకొండను ముట్టడించి వెనుదిరిగాడని అందులోనే ఉంది. ఈ జగద్దేవుడు ఎవరన్నది తేలని తగవు. పొలవాస మేడరాజు తమ్ముడని ఒక వాదం, కొలనుపాకను ఏలిన పరమార జగద్దేవుడని ఇంకొకటి. జగిత్యాలను కట్టించింది పొలవాస జగ్గదేవుడేనని స్థానికుల నమ్మకం గనుక ఈ వైపు వాళ్లకు మొదటి వాదమే ఇష్టం. ఇష్టం సాక్ష్యం కాదు. పరమారుల జగద్దేవుడి శాసనం ఆదిలాబాద్ జైనథ్‌లో ఉంది గనుక రెండో వాదాన్ని తేలిగ్గా కొట్టేయలేం. ఎవరైనా సరే, హనుమకొండ ముట్టడికి లోనయిందన్నది మాత్రం నిజం. గుట్టల మధ్య ఉన్న కోటకే ఆ గతి పట్టిన రోజుల్లో మైదానంలో రాజధాని ఊసే రాదు.

1170 నాటి కరీంనగర్ శాసనంలో రుద్రదేవుడి మంత్రి గంగాధరుడు ఆ ఉత్తర సీమలోని సబ్బినాడులో గుళ్లు కట్టిస్తూ కనబడతాడు. అంటే పొలవాస ఓడిన పదిహేనేళ్లలోపే ఉత్తర సీమ పాలన కాకతి మంత్రుల చేతికి వచ్చింది. ఓరుగల్లుకు పునాది రుద్రదేవుడే వేశాడన్న కొందరి అభిప్రాయం నిజమైతే ఈ వరుస ఇంకా గట్టిపడుతుంది. ఇదొక్కటే కారణమని కాదు. గణపతిదేవుడు తీరాంధ్రను గెలవకపోతే, 1244లో మోటుపల్లి రేవు వర్తకులకు అభయశాసనం ఇవ్వకపోతే అంత కోటకు సొమ్ము ఉండేది కాదు. పాకాల, రామప్ప చెరువులు లేకపోతే తిండి ఉండేది కాదు. సొమ్మూ తిండీ ఉన్నా, వెనక శత్రువు ఉంటే ఎవరూ మైదానంలో ఇల్లు కట్టరు.

ప్రతాపరుద్రుడి తొలి ఇరవై ఏళ్లు, 1289 నుంచి 1309 దాకా, పట్నం నిండుగా ఉన్న కాలం. నడిమధ్యన స్వయంభూదేవుని గుడి, నాలుగు దిక్కులా దాదాపు 30 అడుగుల తోరణాలు. చుట్టూ సుమారు 1.2 కిలోమీటర్ల వ్యాసంతో గుండ్రటి రాతిగోడ, బురుజులు, కందకం. నాలుగు వాకిళ్లలో ఏదీ తిన్నగా లోపలికి పోనివ్వదు. ఒక ముంగిట్లోకి వచ్చి, మలుపు తిరిగి, మళ్లీ ఇంకో గుమ్మం దాటాలి. నాలుగు బాటలూ నడిమి గుడి వైపే సాగుతాయి. ఆ బయట సుమారు 2.4 కిలోమీటర్ల వ్యాసంతో మట్టికోట. అన్నిటికీ వెలుపల దాదాపు 12.5 కిలోమీటర్ల వ్యాసంతో మరో మట్టిగోడ ఉండేది, హనుమకొండ కూడా దాని లోపలే. రాతికోట రాజుది, మూడో గోడ లోపలిది పట్నం. నేడు చరిత్ర పేరుతో చూపించేది మొదటిదాన్నే.

ఆ పట్నంలో సంత ఉంది. ఓరుగల్లు వర్తకుల శాసనం వడ్లు, గోధుమలు, పెసలు, నువ్వులు, ఆవాలు, చింతపండు, మామిడి, కొబ్బరి, తేనె, నెయ్యి, పసుపు, అల్లం అంటూ అమ్మకపు సరుకులను ఏకరువు పెడుతుంది. మోటుపల్లి శాసనంలో కనబడేవి వేరు. చందనం, పచ్చకర్పూరం, ముత్యాలు, దంతం, పట్టునూలు, పగడాలు, మిరియాలు. ఒకటి ఊరు తిన్న తిండి, ఇంకొకటి కొలువు చేసిన విలాసం. రెండూ కలిస్తేనే రాజధాని.

వీధుల బొమ్మ కోసం అందరూ ‘క్రీడాభిరామం’ కావ్యం వైపు పరుగెత్తుతారు. మంచనశర్మ, టిట్టిభసెట్టి ఒక పగలంతా ఓరుగల్లు తిరుగుతారు. పూటకూళ్లింట భోజనం, కోడిపందేలు, పొట్టేళ్ల పోట్లాట, ఏకవీర గుడి, మాచల్దేవి చిత్రశాల చూస్తారు. దాన్ని కాకతీయుల కాలపు ఫొటోలా వాడుకోవడం తప్పు. అది పట్నం పడిపోయిన చాలాకాలానికి, మన చేతికి రాని రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ‘ప్రేమాభిరామం’ ఆధారంగా పుట్టింది. కల్పన అని పక్కన పెట్టడమూ తప్పే. మొగిలిచెర్లలో ఏకవీర గుడి నేటికీ ఉంది. ఆ కావ్యాన్ని గుళ్లకూ ఆచారాలకూ సాక్షిగా తీసుకోవచ్చు, జనాభాకూ ఇళ్ల లెక్కకూ కాదు. ఇళ్ల లెక్కలు చెప్పే ఏకామ్రనాథుని ‘ప్రతాపరుద్ర చరిత్ర’ ఇంకా తర్వాతిది, దాని అంకెలను నమ్మడం కష్టం.

వీటికంటే పగవాడి మాటే నయం. ఢిల్లీ సేనాని మాలిక్ కాఫూర్ దండు సిర్పూరు మీదుగా దిగి 1310 జనవరిలో ఇక్కడికి చేరింది. హనుమకొండ గుట్టెక్కితే ఓరుగల్లు మేడలూ తోటలూ అన్నీ కనబడేవని అమీర్ ఖుస్రో రాశాడు. ఉక్కు బల్లెం కూడా దిగనంత గట్టిది ఆ మట్టికోట అన్నాడు. స్వయంగా చూడలేదు, దండు తెచ్చిన కబుర్లతో అల్లాడు. అయినా సుల్తాను గొప్ప చెప్పడానికి కూర్చున్న కవి తోటల ముచ్చట ఎత్తుకున్నాడంటే, చూసివచ్చినవాళ్లను అవి అంతగా ఆకట్టుకుని ఉండాలి.

శత్రువు మళ్లీ ఉత్తరం నుంచే వచ్చాడన్నది గమనించాలి. 1303లో ఢిల్లీ సేన ఓడిందని చెప్పే ఉప్పరపల్లి కూడా పాత కరీంనగర్ జిల్లాలోదేనని చరిత్రకారుల గుర్తింపు. ఆ వాకిలి మూసి ఉన్నన్నాళ్లే మైదానపు రాజధాని నిలిచింది. 1323లో ఢిల్లీ నుంచి వచ్చిన ఉలుగ్ ఖాన్ కోటను పట్టాడు. ప్రతాపరుద్రుడు ఢిల్లీ దారిలో నర్మద ఒడ్డున కన్నుమూశాడు. స్వయంభూ గుడి కూలింది. తోరణాలను మాత్రం ఉంచి, వాటి నడుమే కొత్త పాలకులు మసీదు నిలిపారు. ఊరికి సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టి నాణేలు వేశారు. కోటలోని ఖుష్ మహల్ తర్వాతి కాలపు ఏలిక షితాబ్ ఖాన్‌దని చాలాకాలం అనుకున్నారు. అది తుగ్లకుల కట్టడమని చరిత్రకారుడు ఫిలిప్ వాగొనర్ వాదించాడు, ఆ వాదమే బలంగా ఉంది. 1336 ప్రాంతంలో కాపయ నాయకుడు పట్నాన్ని తిరిగి గెలిచాడు. పాడుబడ్డ దిబ్బ కోసం ఎవరూ కత్తులు దూయరు.

2024లో రాష్ట్ర చిహ్నం నుంచి కాకతీయ తోరణాన్ని తీసేస్తారన్న మాట పుట్టగానే ఊళ్లన్నీ అట్టుడికాయి. ఆ కోపం న్యాయమైనదే. కానీ మట్టిగోడలు ఇళ్ల స్థలాల కింద, మొరం తవ్వకాల్లో కరిగిపోతుంటే అందులో పదో వంతు గొంతు కూడా లేవలేదు. రాతికోటకు పురావస్తు శాఖ కాపలా ఉంది, సౌండ్ అండ్ లైట్ ప్రదర్శన ఉంది. అసలు పట్నాన్ని చుట్టిన బయటి గోడను మాత్రం చాలామంది గోడ అని కూడా గుర్తుపట్టడం లేదు. మిగిలిన ప్రతి ముక్కనూ కొలిచి, హద్దురాళ్లు పాతి, రెవెన్యూ నక్షాలోకి ఎక్కించాలి. పొలాసలో పౌలస్తేశ్వరుని గుడి దగ్గర ఆ ఊరి చరిత్ర తెలిపే పలక ఒకటి నిలపాలి. జగిత్యాల బడిపిల్లలను తోరణాలు చూడటానికి వరంగల్ తీసుకుపోయే ఉపాధ్యాయులు ముందు ఒక పూట పొలాసలో ఆగాలి.