తీరిక వేళల చదువు: చెన్నపురిలో విద్యార్థులే గురువులైన వైనం

చెన్నపట్నంలోని ఎగ్మూరుకు ప్రపంచ విద్యాచరిత్రలో ఒక స్థానం ఉన్నదన్న సంగతి ఈనాడు ఆ దారిన రైలెక్కే వారిలో చాలామందికి తెలియదు. 1789లో అక్కడి సైనికుల అనాథ బాలుర శరణాలయానికి పర్యవేక్షకుడుగా వచ్చిన ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు మతాచార్యుడు, ఒక వీధిబడిలో పిల్లలు ఇసుకపై వ్రేలితో అక్షరాలు దిద్దుకొనడం చూశాడు. ఆ పద్ధతిని తన బడిలో ప్రవేశపెట్టబోగా జీతం పుచ్చుకొనే ఉపాధ్యాయులకు అది రుచించలేదు. అప్పుడాయన జాన్ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ళ బాలుణ్ణి పిలిచి, తనకంటె చిన్నవారికి అక్షరాలు నేర్పే పని అప్పగించాడు. బాలుడు నెగ్గుకొచ్చాడు. 1797లో బెల్ లండనులో ఒక చిన్న గ్రంథం ప్రకటించడంతో, పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పే ఈ విధానం ‘మద్రాసు పద్ధతి’ అన్న పేరుతో ఇంగ్లండు అంతటా వ్యాపించింది. మన వీధిబడులలో అది అంతకు ముందునుంచే వాడుకలో ఉన్నదని వేరుగా చెప్పనక్కరలేదు.

అయితే ఆ పద్ధతిని పొగిడినవారు ఎక్కువగా పొగిడినది దాని చౌకదనాన్నే. ఒక్క ఉపాధ్యాయుని జీతంతో వందలమందికి చదువు గడిచిపోతుందన్నదే వారి సంతోషం. నేర్పే పిల్లవానికి ఆ పని చేయాలా వద్దా అన్న స్వేచ్ఛ లేదు. నిన్న తాను వల్లించినదానిని నేడు ఇతరులచేత వల్లింపజేయడమే అతని పాండిత్యం. తన చదువు తాను చదువుకొంటూ, మిగిలిన గంటలలో, ఎవరూ అడగకుండానే చిన్నవారిని చేరదీసి బోధించే విద్యార్థి వేరు. అటువంటి విద్యార్థి చరిత్రకు చెన్నపురి తెలుగువారు వెదుకులాడవలసిన పని లేదు. మైలాపూరు వరకు వెళితే చాలు.

1909 జులై 15న రాజమహేంద్రవరంలో జన్మించిన దుర్గాబాయి పన్నెండేళ్ళ ప్రాయంలో ఆంగ్ల మాధ్యమాన్ని బలవంతంగా రుద్దడాన్ని నిరసించి బడి విడిచింది. బడి విడిచిన పిల్ల చేసిన మొదటి పని ఇంకొక బడి పెట్టడం! గోదావరి సీమలో ఆమె నెలకొల్పిన బాలికా హిందీ పాఠశాలలో తాను అప్పుడప్పుడే నేర్చిన హిందీని ఇతర బాలికలకు నేర్పింది. 1923 కాకినాడ కాంగ్రెసు సందర్భంగా జరిగిన ఖద్దరు ప్రదర్శనలో, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూను ద్వారం వద్ద నిలిపివేసిన వాలంటీరు బాలిక ఆమేనన్నది అందరూ ఎరిగినదే. ఆ కథకున్న ప్రసిద్ధిలో సగమైనా ఆ హిందీ బడికి దక్కి ఉండవలసింది.

1930 ఉప్పు సత్యాగ్రహం ఆమెను మద్రాసుకు, అక్కడినుండి కారాగారాలకు తీసుకుపోయింది. జైలులో ఆమె అక్షరం ఎరుగని స్త్రీ ఖైదీలను దగ్గరగా చూసింది. తమపై మోపిన నేరమేమిటో, న్యాయస్థానంలో ఏమి చెప్పుకోవాలో తెలియక శిక్ష అనుభవిస్తున్న వారి స్థితి ఆమెను కలచివేసింది. బయటికి వచ్చాక తిరిగి చదువు ప్రారంభించాలన్న సంకల్పం అక్కడ పుట్టినదే. కాని ఇరవై నాలుగేళ్ళు నిండిన స్త్రీని చిన్నపిల్లల సరసన బల్లమీద కూర్చోబెట్టుకొనే పాఠశాల ఎక్కడ ఉంటుంది? బయటినుండి చదివి పరీక్షకు కూర్చొనే వీలు కల్పించిన కాశీ హిందూ విశ్వవిద్యాలయం ఆమెకు దారి అయింది. తెలుగు, హిందీలకు లోటు లేకపోయినా, ఆంగ్లాన్ని దాదాపు మొదటినుండీ అందుకోవలసి వచ్చింది. ఆ మెట్రిక్యులేషను గట్టెక్కి, పై పరీక్ష కూడా ముగించి, ఆమె వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బి.ఏ.లో చేరింది. అప్పటికి అక్కడ స్త్రీలకు వసతిగృహం లేదు. ఆమె తనవంటి విద్యార్థినులను కూడగట్టి, వారితో కలిసి వసతి ఏర్పాటు చేసుకొని మరీ చదివింది.

ఈ చదువు నడుస్తున్న కాలంలోనే, 1937లో, మద్రాసులో ఆమె చొరవతో ఇరుగుపొరుగు బాలికల సంఘమొకటి ఏర్పడింది. దాని పేరు ‘లిటిల్ లేడీస్ ఆఫ్ బృందావన్’. నేటి తల్లిదండ్రులకు ఆ పేరు కొంత వింతగా తోచవచ్చు. పేరు మాట ఎలా ఉన్నా, బడి ముగిసిన పిమ్మట పిల్లలను ఒకచోట చేర్చి నాలుగు మంచి విషయాలు నేర్పించే ఆ కూటమియే ఆంధ్ర మహిళా సభకు అంకురం. నేర్పించిన వ్యక్తి చేతిలో ఆనాటికి పట్టా లేదు. బి.ఏ. పూర్తి అయినది 1939లో. మద్రాసు న్యాయకళాశాలలో చదివి న్యాయవాద వృత్తిలో ప్రవేశించినది 1942లో.

ఆ తరువాతి ఘట్టం మరింత ముఖ్యమైనది. చిన్నపిల్లలతో మొదలైన సభకు క్రమంగా వారి అక్కలు, పిన్నులు, మేనత్తలు రాసాగారు. బాల్యవివాహం వల్ల కొందరికి, వైధవ్యం వల్ల కొందరికి, ఇంటి పనుల వల్ల మరికొందరికి చదువు నడుమ ఆగిపోయింది. ఉన్న ఊళ్ళో ఉన్నత పాఠశాల లేక మానినవారూ ఉన్నారు. అటువంటి వారికి 1940ల తొలినాళ్ళలో సభ కాశీ మెట్రిక్యులేషనుకు తరగతులు ఏర్పాటు చేసింది. పాఠశాలలో పలు సంవత్సరాలు సాగే చదువును కుదించి, కొద్ది కాలంలో వారిని పరీక్షకు సిద్ధం చేయాలి. ఏ పాఠం విడిచినా నష్టం లేదో, ఏది విడిస్తే మునిగిపోతారో, వయసు వచ్చిన స్త్రీ ఆంగ్ల వాక్యం దగ్గర ఎందుకు సిగ్గుపడి ఆగిపోతుందో పుస్తకాలలో దొరకదు. ఎంతటి అనుభవశాలియైన ఉపాధ్యాయునికీ అది సులభంగా తెలియదు. కొద్ది ఏళ్ళ క్రిందటే అదే మెట్టుపై తడబడి లేచిన విద్యార్థినికి తెలుసు. ఆ తరగతుల బలమంతా అందులోనే ఉన్నది.

1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడినప్పుడు దుర్గాబాయి దానికి తొలి అధ్యక్షురాలు. 1958లో ఆ మండలి చదువు ఆగిపోయిన స్త్రీల కోసం సంక్షిప్త విద్యాతరగతులను దేశవ్యాప్తంగా ప్రారంభించింది. మైలాపూరులో పరీక్షించి చూసిన పద్ధతియే అది. ఆమె 1981లో కన్నుమూసింది.

కళాశాల విద్యార్థులు ఇతరులకు నేర్పడం కాలక్రమంలో ప్రభుత్వ కార్యక్రమంగా కూడా రూపుదిద్దుకొన్నది. గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో, సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాలలో 40,000 మంది విద్యార్థులతో జాతీయ సేవా పథకం మొదలైంది. అక్షరాస్యతా బోధన దాని ముఖ్య కార్యక్రమాలలో ఒకటి. రెండేళ్ళలో 240 గంటల సేవ చేయాలన్నది అందలి నియమం. గంటల లెక్క ఉండడం తప్పు కాదు. లెక్క లేకపోతే కొందరు రారు. కాని లెక్కకోసం వచ్చినవారు 241వ గంటకు ఉండరన్నది దాని వెనుకనున్న చిక్కు. దుర్గాబాయి గంటలను ఎవరూ ఏ పుస్తకంలోనూ వ్రాసుకోలేదు.

తమిళనాడులోని తెలుగు పిల్లలకు బడి వేళల వెలుపలి గంట విలువ 2006 తరువాత మరింత పెరిగింది. ఆ సంవత్సరం చేసిన తమిళ భాషాబోధన చట్టం ప్రకారం ఒకటవ తరగతితో మొదలుపెట్టి ఏటా ఒక్కొక్క తరగతికి తమిళం తప్పనిసరి అయింది. 2015–16 నాటికి అది పదవ తరగతిని చేరింది. ఉంటున్న రాష్ట్రపు భాష నేర్వడంలో ఎవరికీ అభ్యంతరం ఉండనక్కరలేదు. తరతరాలుగా ఇక్కడ స్థిరపడిన తెలుగువారు తమిళం ఎరగనివారూ కారు. ఇబ్బంది వచ్చినది మాతృభాష వెనుకకు జరగడంతో. భాషా అల్పసంఖ్యాక విద్యార్థులకు పదవ తరగతి పరీక్షలో మినహాయింపు కోసం న్యాయస్థానాల మెట్లు ఎక్కవలసి వచ్చింది. ఇంట తెలుగు మాట్లాడుతూ, కాలపట్టికలో తెలుగు గంటకు నోచుకోని బాలునికి గుణింతం దిద్దించేవారు సాయంకాలం వేళ ఎవరైనా కావాలి. ఆ వీధిలోనే కళాశాలకు వెళ్ళివచ్చే అన్నో అక్కో ఉంటే, మైలాపూరు బాలికలకు వలెనే ఆ బాలునికి కూడా బడి గంట మ్రోగిన తరువాత ఆ చదువు మొదలవుతుంది.